వేసవిలో పంచాయతీ నోటీసులు: అపోహలు, వాస్తవాలు

ఏప్రిల్ మొదలుకొని తొలకరి పడేదాకా గ్రామ పంచాయతీ నోటీసు బోర్డు మీద మిగతా ఏడాది కంటే ఎక్కువ కాగితాలు కనిపిస్తాయి. నల్లా నీళ్ల వేళలు, ట్యాంకు కడిగే రోజు, వడగాలుల హెచ్చరిక, బోరు అనుమతి, వడ్లు ఆరబోసే చోటు, ఇంటి పన్ను, ఇలా ఒకదాని మీద ఒకటి అతికిస్తూనే ఉంటాం. నల్లగొండ జిల్లాలో పంచాయతీ కార్యదర్శిగా వాటిని రాసేది, డప్పు చాటింపు వేయించేది, ఆ తర్వాత వాటి గురించి వచ్చే ప్రశ్నలకు జవాబు చెప్పేది నేనే. నోటీసులో ఏం చేయాలో రాయడానికి చోటుంటుంది కానీ ఎందుకు చేయాలో వివరించడానికి ఉండదు. కారణం తెలియని చోటే అపోహ పుడుతుంది కాబట్టి, ప్రతి వేసవిలో నాకు ఎదురయ్యే కొన్నింటిని ఇక్కడ కాస్త విడమరచి రాస్తున్నాను.

అపోహ: భగీరథ నీళ్లు (మిషన్ భగీరథ పథకం కింద నల్లాకు వచ్చే కృష్ణా నీళ్లు) రాని రోజు బోరు నీళ్లు మరిగించి తాగితే సరిపోతుంది.

ఈ ఒక్క అపోహ గురించి ఎంత చెప్పినా తక్కువే అనిపిస్తుంది, ఎందుకంటే మనది నల్లగొండ. మరిగిస్తే నీటిలోని సూక్ష్మజీవులు చచ్చిపోతాయి, అది నిజమే. కానీ ఫ్లోరైడ్ సూక్ష్మజీవి కాదు. మన నేల కింది గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి భూగర్భ జలంలోకి కరిగి వచ్చే లవణం. మరిగించినప్పుడు నీరు ఆవిరై తగ్గుతుంది, ఫ్లోరైడ్ మాత్రం గిన్నెలోనే ఉండిపోతుంది. అంటే ఎంతసేపు మరిగిస్తే మిగిలిన నీటిలో దాని సాంద్రత అంతగా పెరుగుతుంది. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము మించకుండా ఉండాలని, వేరే నీటి వనరు లేనప్పుడు మాత్రమే 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతించవచ్చని భారతీయ ప్రమాణాలు చెబుతున్నాయి. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతాల్లో వంగిపోయిన నడుములను, గారపట్టిన పళ్లను చూసినవారికి ఆ అంకె విలువ వేరే చెప్పనక్కరలేదు. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరుతో తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించినప్పుడు దానికి నల్లగొండ టెక్నిక్ అనే పేరే స్థిరపడింది. మిషన్ భగీరథ పైలాన్‌ను 2015 జూన్ 8న చౌటుప్పల్‌లో ఆవిష్కరించడానికీ ఈ జిల్లా బాధ నేపథ్యంగా ఉంది.

కాబట్టి కృష్ణా నీళ్లు ఆగిన రోజుల్లో బోరు నీటిని స్నానానికి, బట్టలకు, పశువులను కడగడానికి వాడండి. తాగడానికీ వంటకూ ఒకటి రెండు రోజులకు సరిపడా భగీరథ నీటిని మూతపెట్టిన బిందెల్లో ముందే నిల్వ ఉంచుకోండి. ముఖ్యంగా చిన్నపిల్లలున్న ఇళ్లలో ఈ జాగ్రత్త తప్పనిసరి, ఎందుకంటే పంటి మీద ఫ్లోరైడ్ మచ్చలు పడేది శాశ్వత దంతాలు చిగురు లోపల తయారయ్యే వయసులోనే, అంటే ఇంచుమించు ఎనిమిదేళ్ల లోపే.

దీనికి తోకగా మరో మాట వినిపిస్తుంది: పంచాయతీ వాళ్లు కావాలనే నీళ్లు ఆపారని. మన ఊరి ట్యాంకుకు నీరు వచ్చేది పదుల కిలోమీటర్ల అవతల ఉన్న జలాశయం నుంచి, శుద్ధి కేంద్రం మీదుగా, అనేక మండలాలను కలిపే ఒకే పైపు వ్యవస్థలో. పంపుల దగ్గర కరెంటు పోయినా, దారిలో ఎక్కడో పెద్ద పైపు పగిలినా, ఊళ్లకు ఊళ్లే ఆగిపోతాయి. ఖాళీ అయిన పైపు మళ్లీ నిండి చివరి ఊరి ట్యాంకు ఎక్కడానికి కూడా సమయం పడుతుంది. మరమ్మతు పూర్తయిందని మేము రాసిన రోజే నల్లా రాకపోవడానికి కారణం అదే.

అపోహ: నీళ్లు బ్లీచింగ్ వాసన వస్తున్నాయంటే పాడైనట్టే.

నిజానికి నాకు ఆందోళన కలిగించేది వాసన లేని నీళ్లే. ట్యాంకులో క్లోరిన్ కలపడం ఎలా జరుగుతుందో చాలామందికి చూసే అవకాశం ఉండదు కాబట్టి చెబుతాను. బ్లీచింగ్ పౌడరును నేరుగా ట్యాంకులో కుమ్మరించరు. బకెట్‌లో కొద్ది నీటితో ముద్దగా కలిపి, నీళ్లు పోసి పలుచన చేసి, తెల్లటి మడ్డి అడుగుకు దిగేదాకా ఆగి, పైన తేరిన నీటిని మాత్రమే ట్యాంకులో పోస్తారు. మిగిలిన మడ్డిని పారబోస్తారు. ఆ తర్వాత కనీసం అరగంట గడిచాకే వాల్వు తిప్పాలి, ఎందుకంటే క్లోరిన్ తన పని చేయడానికి అంత వ్యవధి కావాలి. తాజా పౌడరులో దాదాపు మూడో వంతు క్లోరిన్ ఉంటుంది. సంచి మూతి విప్పి ఎండ తగిలే గదిలో పెడితే ఆ బలం రోజురోజుకూ తగ్గిపోతుంది. అందుకే వేసవిలో సంచి ఎక్కడ పెట్టామన్నది కూడా చిన్న విషయం కాదు.

క్లోరిన్ సరిపోయిందో లేదో ట్యాంకు దగ్గర చూస్తే తెలియదు. లైను చివరనున్న ఇంటి నల్లా దగ్గర చిన్న గాజు గొట్టంలో నీళ్లు పట్టి, ఆర్థోటోలిడిన్ చుక్కలు వేస్తే నీరు లేత పసుపు రంగుకు మారాలి. ఆ రంగును క్లోరోస్కోపు పెట్టెలోని రంగులతో పోల్చినప్పుడు లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గకుండా ఉంటే ఆ ఇంటిదాకా నీరు సురక్షితంగా చేరిందని భావిస్తాం. రంగు మారలేదంటే క్లోరిన్ దారిలోనే ఖర్చయిపోయిందని, అంటే ఎక్కడో పైపులోకి మురికి చేరుతోందని అనుమానించాలి. మీ ఇంటి దగ్గర ఈ పరీక్ష చేయమని వాటర్‌మన్‌ను అడగడానికి మొహమాటపడవద్దు. వాసన ఇబ్బందిగా ఉంటే బిందె మీద పలుచని గుడ్డ కప్పి కాసేపు ఉంచండి, చాలావరకు పోతుంది.

అపోహ: మా నల్లాకు మా మోటరు బిగించుకుంటే ఎవరికేం నష్టం, కరెంటు బిల్లు మేమే కడుతున్నాం కదా.

నష్టం రెండు విధాలుగా ఉంటుంది. మోటరు పైపులోని నీటిని బలంగా లాగినప్పుడు లోపల ఒత్తిడి పడిపోతుంది. వీధి పైపు చాలా చోట్ల మురికి కాలువ పక్క నుంచి, కొన్నిచోట్ల కాలువ లోంచే వెళుతుంది. జాయింటు దగ్గర వెంట్రుకంత పగులున్నా మామూలు రోజుల్లో అందులోంచి నీరు బయటికి కారుతుంది. మోటరు లాగినప్పుడు మాత్రం బయటి మురికి లోపలికి వస్తుంది. ఆ నీరు మోటరు పెట్టిన ఇంటికే కాదు, ఆ వరుసలోని ఇళ్లన్నిటికీ పోతుంది. వేసవిలో ఒక వీధిలో వరుసగా విరేచనాల కేసులు వచ్చాయని ఆశా కార్యకర్త చెబితే మేము ముందుగా వెతికేది ఇలాంటి జాయింటునే.

ఇక రెండోది, లైను చివర ఉన్నవారికి నీరు అందకపోవడం. చాలా ఊళ్లలో ఆ చివర ఉండేది ఎస్సీ కాలనీ. ముందు వీధుల్లో నాలుగు మోటర్లు ఆడితే అక్కడి ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నిలబడాల్సి వస్తుంది. గ్రామీణ ప్రాంతంలో మనిషికి రోజుకు 100 లీటర్లు ఇవ్వాలన్నది భగీరథ లక్ష్యం. ఆ వంద లీటర్లు ఊరి మొదటి ఇంటికీ చివరి ఇంటికీ సమానంగా చెందుతాయి. అందుకే మోటరు కనిపిస్తే స్వాధీనం చేసుకుంటామని నోటీసులో రాస్తున్నాం. ఈ విషయంలో కఠినంగా ఉండడం తప్పని నేను అనుకోను.

అపోహ: వేసవిలో దోమలుండవు కాబట్టి శుక్రవారం డ్రై డే (ఇంట్లోని నీటి తొట్లు, డ్రమ్ములు ఒంపి ఆరబెట్టే రోజు) వర్షాకాలానికి పెట్టుకుంటే చాలు.

డెంగీ దోమ మురికి నీటిలో కాదు, మనం పొదుపుగా పట్టి ఉంచుకున్న మంచి నీటిలోనే గుడ్లు పెడుతుంది. నీటి ఎద్దడి ఉన్న ఊళ్లోనే డ్రమ్ములు, తొట్లు ఎక్కువగా ఉంటాయి. గుడ్డు దోమగా మారడానికి ఇంచుమించు వారం నుంచి పది రోజులు పడుతుంది కాబట్టే వారానికి ఒక రోజు పెట్టారు. నీళ్లు ఒంపేస్తే చాలదు, తొట్టి గోడలను పీచుతో తోమాలి. గోడకు అంటుకున్న గుడ్లు ఎండిపోయి కూడా నెలల తరబడి బతుకుతాయి.

అపోహ: రెడ్ అలర్ట్ అంటే బయటికొస్తే జరిమానా. ఎల్లో అంటే పట్టించుకోనక్కరలేదు.

రెండూ తప్పే. వాతావరణ శాఖ ఇచ్చే రంగులు జనానికీ యంత్రాంగానికీ కలిపి చెప్పే హెచ్చరికలు: పసుపు అంటే గమనిస్తూ ఉండండి, నారింజ అంటే సిద్ధంగా ఉండండి, ఎరుపు అంటే చర్య తీసుకోండి. అవి నిషేధాజ్ఞలు కావు. మైదాన ప్రాంతంలో గరిష్ఠ ఉష్ణోగ్రత 40 డిగ్రీలకు చేరి, సాధారణం కంటే 4.5 డిగ్రీలు ఎక్కువగా ఉంటే వడగాలులుగా లెక్కిస్తారు. 45 డిగ్రీలు దాటితే సాధారణంతో పోల్చే పనే లేదు. మనకు మే నెలలో 42, 43 డిగ్రీలు అలవాటే కాబట్టి పసుపు రంగును తేలికగా తీసుకుంటారు, కానీ ముసలివారికి, బాలింతలకు, బీపీ మందులు వాడేవారికి ఆ రోజే ప్రమాదం మొదలవుతుంది.

వడదెబ్బ ఎండలో తిరిగేవారికే తగులుతుందన్నది కూడా ఇలాంటిదే. మధ్యాహ్నం రేకుల ఇంట్లో తలుపులు మూసుకుని పడుకున్న వృద్ధులకు ఇంట్లోనే తగలవచ్చు. గదిలో వేడి 40 డిగ్రీలు దాటాక ఫ్యాను వేడి గాలినే ఒంటి మీదికి కొడుతుందని, అప్పుడు దాని మీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అలాంటి వేళ తడిగుడ్డతో ఒళ్లు తుడవడం, చెట్టు కిందికో బడి వరండాలోకో మార్చడం మేలు. మనిషి తికమకగా మాట్లాడుతున్నా, ఒళ్లు కాలిపోతున్నా, స్పృహ తప్పినా ముందు 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, ఒళ్లంతా తడుపుతూ గాలి విసరండి. స్పృహలో లేనివారి నోట్లో నీళ్లు పోయవద్దు, అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్‌ను దాని మీద రాసినంత నీటిలో, సాధారణంగా ఒక లీటరులో, మొత్తం ఒకేసారి కలిపి ఆ రోజే వాడేయాలి. గ్లాసులో కొంచెం కొంచెం వేసుకుంటే ఉప్పు, చక్కెరల నిష్పత్తి తప్పుతుంది.

కల్లు చలువ చేస్తుందన్న నమ్మకం మన దగ్గర బలంగా ఉంది. కల్లు మీద ఆధారపడి బతికే కుటుంబాల పట్ల నాకు గౌరవం ఉంది, అయినా ఆరోగ్య విషయం దాచలేను. పులిసిన కల్లులో ఆల్కహాలు ఉంటుంది, అది మూత్రాన్ని పెంచి ఒంట్లో నీరు తగ్గిస్తుంది, పైగా ఒళ్లు చెప్పే సూచనలు తెలియనివ్వదు. ఎండపూట పనిలో ఉన్నవారు మజ్జిగ, గంజి, నిమ్మరసం తాగడమే క్షేమం.

ఒక బాధాకరమైన విషయం కూడా ఇక్కడే చెప్పాలి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం వడగాలులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, మృతుల కుటుంబాలకు ఇచ్చే ఎక్స్‌గ్రేషియాను 50 వేల రూపాయల నుంచి 4 లక్షలకు పెంచింది. అయితే మరణానికి కారణం వడదెబ్బేనని అధికారుల విచారణలో తేలాలి. ఎవరికీ చెప్పకుండా అంత్యక్రియలు పూర్తి చేశాక నెల రోజులకు దరఖాస్తు పట్టుకుని వస్తే నిరూపించడం చాలా కష్టమవుతుంది. ఆ దుఃఖంలో ఇంట్లోవారికి ఇది తోచదు కాబట్టి, పక్కింటివారే తహసీల్దారు కార్యాలయానికీ పోలీసులకూ వెంటనే కబురు చేయించాలి.

అపోహ: నా పొలంలో నేను బోరు వేసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు.

2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం ప్రకారం అనుమతి అవసరం. ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బోర్ల మీద ఆంక్షలున్నాయి, ఎందుకంటే పక్కన మరింత లోతుగా తవ్విన బోరు ఊరి బోరును ఎండగడుతుంది. తెరిచి వదిలేసిన బోర్లలో పిల్లలు పడే ప్రమాదాలను ఆపడానికి సుప్రీంకోర్టు 2010లో మార్గదర్శకాలు ఇచ్చింది. తవ్వడానికి 15 రోజుల ముందు రాతపూర్వకంగా తెలపాలి, తవ్వేచోట బోర్డు, కంచె ఉండాలి, వదిలేసిన బోరును అడుగు నుంచి నేల మట్టం వరకు మట్టి, ఇసుక, రాళ్లతో పూడ్చాలి. కేసింగ్ పైపు పీకి అమ్ముకుని, గుంత మీద ముళ్లకంప కప్పి వెళ్లడం నేరుగా పసిపిల్లల ప్రాణంతో ముడిపడిన నిర్లక్ష్యం. మీ ఊళ్లో అలాంటి గుంత ఉంటే ఎవరిదని చూడకుండా చెప్పండి, పూడ్పించే బాధ్యత మేము తీసుకుంటాం.

అపోహ: వడ్లు రోడ్డు మీద ఆరబోయడం అనాదిగా ఉన్నదే, నోటీసు రైతు మీద కక్ష.

కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు, కల్లాల్లో చోటు లేదు, మబ్బు పట్టింది. రైతు తొందరను నేను కళ్లారా చూస్తున్నాను. అందుకే నోటీసులో వద్దని రాయడంతో సరిపెట్టకుండా, బడి మైదానం, పంచాయతీ ఖాళీ స్థలం ఎవరికి ఎప్పుడు ఇవ్వాలో కూడా రాయాలన్నది నా పట్టుదల. అయినా రోడ్డు మాత్రం వద్దు. కుప్ప చుట్టూ పెట్టిన రాళ్లు, మీద కప్పిన నల్ల పట్టా చీకట్లో బండి మీద వచ్చేవాడికి కనిపించవు. వచ్చేది కూడా చాలాసార్లు పక్క ఊరి రైతు బిడ్డే.

అపోహ: ఏప్రిల్‌లో ఇంటి పన్ను కడితే అందరికీ 5 శాతం తగ్గుతుంది.

ఇన్నేళ్లుగా ఆ రాయితీ ప్రకటిస్తున్నది పట్టణాల్లో, మున్సిపాలిటీల పరిధిలోని ఆస్తి పన్నుకు. గ్రామ పంచాయతీల ఇంటి పన్నుకు దాన్ని వర్తింపజేసి చదవవద్దు.

అపోహ: వాట్సాప్ గ్రూపులో వచ్చిందంటే పంచాయతీ నోటీసే.

నిరుటి నీటి వేళలు, పక్క జిల్లా సెలవుల ప్రకటన, తేదీ కత్తిరించిన వాతావరణ హెచ్చరిక, ఇవన్నీ ప్రతి ఏప్రిల్‌లో మళ్లీ తిరుగుతాయి. నిజమైన నోటీసు మీద పంచాయతీ పేరు, తేదీ, సంతకం, ముద్ర ఉంటాయి, దాని ప్రతి బోర్డు మీద ఉంటుంది. సందేహం వస్తే ముందుకు పంపే ముందు బోర్డు చూడండి, లేదా ఆఫీసుకు ఫోన్ చేయండి. నీళ్ల ఫిర్యాదు కూడా గ్రూపులో రాసి ఊరుకోకుండా ఆఫీసులోని రిజిస్టరులో వీధి పేరు, నీళ్లు రాని తేదీ, వేళ రాయించండి. రెండు నెలలకోసారి జరిగే గ్రామసభలో ఆ రిజిస్టరు తెరిచి ఏ వీధికి ఎన్నిసార్లు నీళ్లు ఆగాయో అడగవచ్చు. కొత్త పైపు ముందు ఏ వీధికి వేయాలన్న చర్చ వచ్చినప్పుడు అక్కడ చూపడానికి ఆ పేజీలే పనికొస్తాయి.