'విత్' అన్న ఒక్క మాట

గూఢచారుల మీద తీసిన కామెడీ సీరియల్ 'గెట్ స్మార్ట్' మొదటి ఎపిసోడ్ అమెరికాలో ఎన్‌బీసీ చానల్లో వచ్చి 2025 సెప్టెంబర్ 18కి అరవై ఏళ్లు నిండాయి. ఈ సీరియల్ మాట ఎప్పుడెత్తినా పాత పేచీ ఒకటి లేస్తుంది. ఇది ఎవరి సృష్టి? చాలామంది ఠక్కున రచయిత మెల్ బ్రూక్స్ పేరు చెబుతారు. టైటిల్స్‌లో మాత్రం రెండు పేర్లున్నాయి: 'క్రియేటెడ్ బై మెల్ బ్రూక్స్', ఆ వెంటనే 'విత్ బక్ హెన్రీ'. ఇద్దరినీ సమానం చేసే 'అండ్' పడాల్సిన చోట, రెండో మనిషిని తోడుగా మాత్రమే చూపే 'విత్' పడింది. రాసి బతికేవాళ్లకు అది చిన్న తేడా కాదు.

ఏజెంట్ 86గా డాన్ ఆడమ్స్, 99గా బార్బరా ఫెల్డన్, వాళ్ల తిప్పలు అందరికీ తెలిసినవే. జేమ్స్ బాండ్ మోజునీ సినిమాల్లోని తింగరి పోలీసు ఇన్‌స్పెక్టర్ క్లూసో తికమకనీ కలిపి ఏదైనా రాయమని అడిగింది నిర్మాత డేనియల్ మెల్నిక్. అంటే బీజం బ్రూక్స్, హెన్రీ ఇద్దరిదీ కాదు. స్క్రిప్టు ముందుగా చూసిన ఏబీసీ చానల్ ఇది అమెరికాకు పనికిరాదంది, ముద్దొచ్చే కుక్కను పెట్టమంది. ఇద్దరూ కుక్కను పెట్టారు, కాకపోతే ఆయాసంతో రొప్పే పిరికి కుక్కను. అక్కడిదాకా ఇద్దరిదీ ఒకే మాట.

బూటులో ఫోను బ్రూక్స్ ఆలోచన. ఆయన అభిమానులు దాన్నే చూపిస్తారు, అది నిజమే. 'కోన్ ఆఫ్ సైలెన్స్' మాత్రం హెన్రీది. ఏజెంట్ల పై అధికారి చీఫ్ బల్ల మీదికి పైనుంచి పారదర్శకమైన ప్లాస్టిక్ డోములు రెండు దిగుతాయి. మధ్యలో ఒక గొట్టం. రహస్యం బయటికి పొక్కకూడదని పెట్టిన ఏర్పాటది. తీరా లోపల కూర్చున్న ఇద్దరికే ఒకరి మాట ఒకరికి వినబడదు. గొంతు చించుకుని అరుస్తారు, "ఏంటీ?" అంటారు, మళ్లీ అరుస్తారు. ఆఫీసుల్లో పనిచేసిన ఎవరికైనా అది తమ కథే అనిపిస్తుంది. 2017లో అమెరికా పర్యావరణ సంస్థ అధిపతి స్కాట్ ప్రూయిట్ సుమారు 43,000 డాలర్లతో శబ్దం బయటికి రాని ఫోన్ గది కట్టించుకుంటే, పత్రికలకు వెంటనే గుర్తొచ్చింది ఈ పేరే. యాభై ఏళ్ల తర్వాత కూడా!

నా లెక్కలో అసలు మలుపు మొదటి సీజన్ అయ్యాక వచ్చింది. బ్రూక్స్ దాదాపు పక్కకు తప్పుకున్నారు. హెన్రీ 1967 దాకా స్టోరీ ఎడిటర్‌గా ఉండిపోయారు. వేరేవాళ్లు రాసిన స్క్రిప్టులు చూసి, దిద్ది, వారం వారం ఆ పిచ్చికి ఒక లెక్క తప్పకుండా చూడటం ఆ పని. తెర మీద కనబడదు. ఈ సీరియల్ పాతబడకపోవడానికి ఆ రెండేళ్ల చాకిరీయే కారణమని నేను నమ్ముతాను.

తర్వాత హెన్రీ 'ది గ్రాడ్యుయేట్' సినిమా స్క్రిప్టు రచయితల్లో ఒకరయ్యారు. బ్రూక్స్‌కు 'ది ప్రొడ్యూసర్స్' స్క్రిప్టుకు ఆస్కార్ వచ్చింది, దర్శకుడిగా పేరు మోగిపోయింది. ఆ పేరు వెనక్కి నడిచి సీరియల్ మీద కూడా కూర్చుంది. హెన్రీ 2020 జనవరిలో చనిపోయారు. ఇకనైనా ఈ సీరియల్ గురించి రాసేవాళ్లు ఆ రెండు పేర్ల మధ్య 'అండ్' పెట్టాలి.