అరబ్బీ గుర్రప్పిల్లలో తప్పిపోయిన ఐదు అక్షరాలు

"అరబ్బీ గుర్రాలు చూడ్డానికే బాగుంటాయి, పిల్లలు బతకవు, పెద్దవైతే పిచ్చెక్కినట్టు గెంతుతాయి, వాటికి అన్ని డబ్బులు ఎందుకు పోస్తారు?" అని ఒక పాఠకుడు అడిగారు. ఇందులో రెండు అపవాదులున్నాయి. మొదటి దానిలో కొంత నిజం ఉంది, రెండోది మనుషుల నిర్వాకం. మొదటి దాని గురించే ఎక్కువ రాస్తాను, ఎందుకంటే జన్యుశాస్త్రంలో నాకు ఇంతకన్నా ఇష్టమైన కథ ఇంకోటి లేదు.

ఈ గుర్రాల మోజు మనకు కొత్తేమీ కాదు. 15వ శతాబ్దంలో విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహరాయలు హొర్ముజ్, ఏడెన్ రేవుల నుంచి గుర్రాలు తెప్పించుకునేవాడని, దారిలో సముద్రం మీద చచ్చిపోయినవాటికి తోక తెచ్చి చూపిస్తే చాలు, బతికున్నదాని ధరే ఇచ్చేవాడని పోర్చుగీసువాడైన నూనిజ్ రాశాడు. ఆయన స్వయంగా గుర్రాల వ్యాపారి, కాబట్టి ఈ లెక్క బాగానే గుర్తుండి ఉంటుంది.

ఇక అసలు విషయం. మంచి వంశంలో ఒక పిల్ల పుడుతుంది. గంటా రెండు గంటల్లో లేచి నిలబడి తల్లి పొదుగు వెతుక్కుంటుంది. వారం తిరిగేసరికి తోక పైకెత్తి పరుగులు తీస్తుంది, చూసినవాళ్ళంతా ఫొటోలు తీసుకుంటారు. రెండో నెల దాటాక ముక్కు కారడం మొదలవుతుంది. దగ్గు, జ్వరం, విరేచనాలు. మందు వేస్తే తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. ఐదారు నెలలు నిండకుండానే చచ్చిపోతుంది. ఇలాంటి చావుకి మన ఊళ్ళలో ఏ పేరు పెడతారో మీకు తెలుసు. అరబ్బు నేలల్లోనూ అంతే, దిష్టి తగలకుండా గుర్రం మెడలో నీలిపూస కట్టే అలవాటు ఉంది. వాళ్ళని తప్పుపట్టలేం. పుట్టుకతో వచ్చిన జబ్బయితే పుట్టగానే కనబడాలి కదా, రెండు నెలలు నిక్షేపంలా ఉన్న పిల్ల అందరూ మెచ్చుకున్నాక మంచం పట్టిందంటే ఎవరికైనా అదే అనిపిస్తుంది.

ఆ రెండు నెలల గడువు ఎక్కడిదంటే, ముర్రుపాలది. మనుషుల్లో తల్లి యాంటీబాడీలు మాయ ద్వారా కడుపులోని బిడ్డకి అందుతాయి. గుర్రం మాయ వాటిని దాటనివ్వదు. గుర్రప్పిల్ల దాదాపు యాంటీబాడీలే లేకుండా పుట్టి, మొదటి రోజు తాగిన ముర్రుపాలలోంచి వాటిని పేగుల గుండా రక్తంలోకి తీసుకుంటుంది. ఒక రోజు గడిస్తే ఆ తలుపు మూసుకుపోతుంది. అక్కడి నుంచి ఆ అప్పు మూడు నాలుగు వారాలకోసారి సగానికి పడిపోతూ ఉంటుంది, ఈలోగా మామూలు పిల్ల సొంతంగా సంపాదించుకోవడం మొదలుపెడుతుంది. ఈ జబ్బున్న పిల్లకి ఆ సంపాదన లేదు. అప్పు అయిపోయిన రోజున అసలు సంగతి బయటపడుతుంది. ఈ జబ్బుని స్కిడ్ అంటారు.

సంపాదన ఎందుకు లేదో చూడండి. రోగనిరోధక కణాల్లో బి, టి అని రెండు రకాలు. లోకంలో ఎన్ని రకాల క్రిములున్నాయో అన్నిటికీ విడివిడిగా జన్యువులు దాచుకోవడం కుదరదు గనక, ఈ కణాలు తమ డీఎన్ఏని తామే కోసి, ముక్కలు అటూ ఇటూ జరిపి, మళ్ళీ అతికించుకుని కొత్త కొత్త కలయికలు తయారుచేస్తాయి. ఒంట్లో మిగతా కణాల్లో చాలావరకు ఇంత సాహసం చెయ్యవు. కోసేది ఒక ఎంజైము, అతికే పనికి డీఎన్ఏ-పీకే అనే ఇంకో ప్రొటీన్ కావాలి. స్కిడ్ పిల్లలో కోత బాగానే జరుగుతుంది. ప్లంబరు వచ్చి పైపు కోశాడు, కప్లింగు మాత్రం రాలేదు. తెగిన డీఎన్ఏతో ఏ కణమూ బతకలేదు, అందుకే బి, టి కణాలు పుట్టే చోటే చచ్చిపోతాయి. ఈ పిల్లల మిగతా కణాలు కూడా రేడియేషన్ తగిలితే తట్టుకోలేవు, అక్కడా కావలసింది ఆ అతుకే.

ఆ ప్రొటీన్ ఎందుకు చెడిందంటే, దాని జన్యువులో ఐదు అక్షరాలు తప్పిపోయాయి. వేల అక్షరాల జన్యువులో ఐదు పోతే అంత నష్టమా అనుకోవద్దు. డీఎన్ఏని కణం మూడేసి అక్షరాలుగా చదువుతుంది, మధ్యలో ఖాళీలుండవు. మన స్కూల్లో హాజరు పట్టీ అలా రాశారనుకోండి: కమలవిమలసరళవనజజలజగిరిజ. మూడేసి చదివితే కమల, విమల, సరళ, వనజ, జలజ, గిరిజ. ఇందులో కమల తరవాత ఆరు అక్షరాలు తీసేస్తే కమల, వనజ, జలజ, గిరిజ. ఇద్దరమ్మాయిలు రాలేదు, అంతే, క్లాసు నడుస్తుంది. ఐదే తీసేసి చదవండి: కమల, ళవన, జజల, జగిరి... కమల తప్ప ఒక్క పేరూ మిగల్లేదు! కణం కూడా అలాగే పిచ్చి మాటలు చదువుకుంటూ పోయి, ఎక్కడో 'ఇక ఆపు' అనే గుర్తు తగిలి ఆగిపోతుంది. పనిచెయ్యాల్సిన భాగం ఆ ప్రొటీన్ చివర్లో ఉంటుంది, అది అసలు తయారే కాదు.

మన క్లాసుల్లో మెండెల్ పాఠం అంటే బఠానీ గింజలు, నాలుగు గళ్ళ పట్టిక, రెండు మార్కులు. పిల్లలు గళ్ళు నింపుతారు గానీ అది తమ ఇంటి సంగతని ఎవరూ చెప్పరు. మేనరికాలున్న ఇళ్ళలో ఈ లెక్క ఎవరికైనా అర్థమవుతుంది. జన్యువుకి తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు ప్రతులుంటాయి. చెడ్డ ప్రతి ఒకటే ఉన్న గుర్రం క్యారియర్, దానికి ఈ జబ్బు రాదు. రెండు క్యారియర్లు కలిస్తే నాలుగింట ఒక వంతు పిల్లలకి రెండూ చెడ్డ ప్రతులే వస్తాయి. 1990ల్లో అమెరికాలో పరీక్షిస్తే అరబ్బీ గుర్రాల్లో సుమారు 8 శాతం క్యారియర్లని తేలింది. సంబంధాలు ఎలా పడితే అలా కుదిరితే దాదాపు ఆరు వందల పిల్లల్లో ఒకటి చనిపోవాలి. కానీ అలా కుదరవు. పేరున్న మగగుర్రం ఒకటుంటే అందరూ దాని దగ్గరికే పోతారు, తరవాత దాని కొడుకునీ, ఇంకో తల్లికి పుట్టిన దాని కూతుర్నీ కలిపి 'వంశం నిలబెట్టాం' అంటారు. ఆ పేరున్న గుర్రం క్యారియర్ అయితే ఈ జతకి ప్రమాదం పదహారులో ఒకటి. ఆరు వందల్లో ఒకటి ఎక్కడ, పదహారులో ఒకటి ఎక్కడ!

రక్తం స్వచ్ఛత మీద పిచ్చి నమ్మకాలకీ ఈ జాతి పెట్టింది పేరు. ఒకసారి వేరే జాతి మగదానితో కలిస్తే ఆ ఆడగుర్రానికి తరవాత పుట్టే పిల్లలన్నీ చెడిపోతాయని 19వ శతాబ్దంలో చదువుకున్నవాళ్ళే నమ్మారు. లార్డ్ మోర్టన్ అనే ఆయన దగ్గరున్న అరబ్బీ రక్తమున్న ఆడగుర్రం మొదట క్వాగాతో (ఇప్పుడు అంతరించిపోయిన ఒక రకం జీబ్రాతో) కలిసి, తరవాత నల్ల అరబ్బీ మగగుర్రానికి చారలున్న పిల్లల్ని కన్నదని 1821లో లండన్ రాయల్ సొసైటీ అచ్చేసింది. స్కాట్లండ్‌లో కోసార్ యూవార్ట్ అనే జంతుశాస్త్రవేత్త జీబ్రాలతో ప్రయోగాలు చేసి ఇది వట్టిదని తేల్చాడు. చారలు మామూలు గుర్రాలకీ అప్పుడప్పుడు వస్తాయి.

1997 నుంచి స్కిడ్‌కి డీఎన్ఏ పరీక్ష ఉంది, కుదుళ్ళతో పీకిన కొన్ని జూలు వెంట్రుకలు పంపితే చాలు. అయితే క్యారియర్లు తేలగానే అన్నిటినీ పెంపకంలోంచి తీసేద్దాం అనేవాళ్ళతో నాకు గట్టి పేచీ ఉంది. తీసేస్తే మిగిలినవాటి మధ్య మేనరికం ఇంకా పెరిగి, దాగున్న వేరే జబ్బులు పైకొస్తాయి. ఈ జాతిలో అవీ ఉన్నాయి, చిన్నమెదడు కణాలు రాలిపోయి తల వణికే జబ్బు ఒకటి, లేత ఊదారంగు బొచ్చుతో పుట్టి లేచి నిలబడలేక చనిపోయే లావెండర్ జబ్బు ఇంకోటి. మంచి క్యారియర్‌ని జబ్బు జన్యువు లేనిదానితో కలిపితే స్కిడ్‌తో ఒక్క పిల్ల కూడా చనిపోదు, పుట్టినవాటిలో సగం శుభ్రమైనవి. వాటిని పరీక్షించి ముందుకు తీసుకెళ్ళొచ్చు. దీనికి కావలసిందల్లా ఫలితం దాచకుండా ప్రకటనలో వెయ్యడం. జాతి పరువు పోతుందని దాచినన్నాళ్ళూ పిల్లలు పోయాయి, పరువూ పోయింది.

ముఖం సంగతి కూడా చెప్పాలి. నుదుటి కింద కొంచెం లోపలికి వంగిన ముఖం ఈ జాతి అందం. దాన్ని ప్రదర్శనల కోసం పెంచుకుంటూ పోయి 2017 నాటికి బొమ్మలాంటి ముఖమున్న పిల్లని తయారుచేస్తే పశువైద్యులు భయపడ్డారు. గుర్రం నోటితో ఊపిరి పీల్చలేదు, దానికున్న దారి ముక్కొక్కటే.

ఇక పిచ్చి గెంతుల అపవాదు. ఎడారిలో బెదూయిన్లు ఆడగుర్రాల్ని డేరాల్లో పిల్లాజెల్లాతో కలిపి ఉంచుకున్నారు, పిచ్చి జంతువుని ఎవరూ అలా ఉంచుకోరు. ప్రదర్శనల్లో మెడ సాగదీసి కళ్ళు పెద్దవి చేసి నిలబడాలని కొరడాతో బెదిరించి నేర్పితే, భయం రాజసంలా కనబడుతుంది. గుర్రానికి శిక్షణంటే పగ్గం బిగించడం కన్నా వదలడం ముఖ్యం. అది సరిగ్గా అడుగేసిన క్షణంలో పగ్గం వదులైతే ఆ అడుగు నేర్చుకుంటుంది. ముందుకాళ్ళెత్తి లేచినప్పుడు భయపడి వదిలేస్తే, అలా లేవడమే నేర్చుకుంటుంది. అరబ్బీ రెండూ చకచకా నేర్చుకుంటుంది.

దాని అసలు గుణం చూడాలంటే దూరపు పందేలు చూడాలి. కాలిఫోర్నియా కొండల్లో 1955 నుంచి జరిగే టెవిస్ కప్‌లో 24 గంటల్లో 160 కిలోమీటర్లు పోవాలి, ఎక్కువగా గెలిచేవి ఇవే. దూరపు పందేల్లోనూ డబ్బూ వేగమూ ఎక్కువైతే పాడైపోతుంది, గుర్రాల క్షేమం విషయంలో వచ్చిన ఆరోపణలతో 2015 మార్చిలో అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య యూఏఈ సమాఖ్యని కొన్ని నెలలు సస్పెండ్ చేసింది. ఈ పందేల్లో నాకు నచ్చేది పశువైద్యుడి గేటు. వచ్చిన గుర్రాన్ని ఆపి, నీళ్ళు పోసి, మోచేతి వెనక స్టెతస్కోప్ పెట్టి గుండె లెక్కపెడతారు. సాధారణంగా నిమిషానికి 64 లోపుకి దిగాలి, గడువులోగా దిగకపోతే ఎంత ముందున్నా ఇంటికే. గంటలకొద్దీ కొండలెక్కి దిగి వచ్చిన గుర్రం, ముక్కూ మొహం తెలియని మనిషి ఛాతీ పక్కన చెయ్యి పెట్టి వంగి నిలబడితే, తల దించుకుని కదలకుండా ఎండుగడ్డి నములుతూ ఉంటుంది.