టీ ట్రీలో టీ పొడి ఉండదు, అమ్ములూ

బ్రిస్బేన్ (ఆస్ట్రేలియా) నుంచి, ఆదివారం పొద్దున

అమ్ములూ, చింటూ,

మొన్న వీడియో కాల్లో అమ్ములు కొత్త టీ ట్రీ ఫేస్‌వాష్ ట్యూబు కెమెరాకి అడ్డం పెట్టి "తాతయ్యా, దీంట్లో టీ పొడి కలుపుతారా?" అని అడిగింది. చెప్పబోతుంటే సిగ్నల్ పోయింది. ఒక రకంగా పోవడమే మంచిదైంది. కాల్లో అయితే చింటూ మధ్యలోనే బ్యాటు పట్టుకుని బయటికి పరిగెత్తేవాడు. ముప్పై ఏళ్ళు ఇంటర్ పిల్లలకి బోటనీ చెప్పినవాణ్ణి. ఇంత మంచి ప్రశ్న దొరికితే ఊరుకుంటానా? అందుకే ఉత్తరం.

టీ పొడి కలపరు. మనం తాగే టీ మొక్కకీ, ఈ టీ ట్రీకీ చుట్టరికమే లేదు. ఇది మన జామ, నేరేడు, లవంగాల కుటుంబం. తొలిరోజుల్లో ఇక్కడికొచ్చిన ఇంగ్లీషువాళ్ళు ఇలాంటి చెట్ల ఆకులు మరగబెట్టుకుని టీ బదులు తాగారట, ఆ పేరు అలా అంటుకుపోయింది. శాస్త్రం పెట్టిన పేరు మెలలూకా ఆల్టర్నిఫోలియా. ఇవాళ దీని నూనె ప్రపంచమంతా తిరుగుతోంది కానీ చెట్టు పుట్టిల్లు చాలా చిన్నది. ఇక్కడి న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం ఉత్తరపు కొసన, ఏటి ఒడ్డు చిత్తడి నేలల్లో పెరుగుతుంది. ఆ ప్రాంతం బండ్జలంగ్ అనే ఆదివాసులది. జలుబూ దగ్గూ వస్తే ఈ ఆకు నలిపి వాసన పీల్చడం, పుండు మీద ఆకు నూరి కట్టడం వాళ్ళ వైద్యం.

పోయిన నెల మామయ్య మమ్మల్ని కార్లో అటు తీసుకెళ్ళాడు. ముందు లెన్నాక్స్ హెడ్ అనే ఊళ్ళో సముద్రం పక్కనే ఉన్న ఎయిన్స్‌వర్త్ చెరువు దగ్గర ఆగాం. చుట్టూ టీ ట్రీ జాతి చెట్లు. వాటి ఆకూ బెరడూ ఏళ్ళ తరబడి నానినందువల్ల నీళ్ళు అచ్చం ఫిల్టర్ కాఫీ డికాషన్ రంగులో ఉన్నాయి. మోకాళ్ళ లోతు దిగితే నా పాదాలు నాకే కనబడలేదు. పిల్లలు అందులోనే ఈత కొడుతున్నారు. మీ అమ్మమ్మ ముందు మొహం చిట్లించింది కానీ, తర్వాత చెప్పులు విప్పి ఒడ్డున కూర్చుని అరగంట కాళ్ళు నానబెట్టింది.

అక్కణ్ణించి లోపలికి వెళ్తే తోటలు. చెట్టంటే పెద్ద చెట్టు ఊహించుకోకండి. దూరం నుంచి మన కంది చేనులాగే ఉంది, దగ్గర దగ్గర సాళ్ళు. ఆకు సూది కన్నా కాస్త వెడల్పు, మెత్తన. బెరడు పాత నోటుబుక్కు కాగితాల్లా పొరలు పొరలుగా ఊడొస్తుంది. రెండాకులు తుంచి వేళ్ళ మధ్య నలిపాను. కర్పూరం, జాజికాయ, కాస్త మిరియం కలిసిన వాసన. మధ్యాహ్నం భోంచేసి చెయ్యి కడుక్కున్నా పోలేదు. కోత యంత్రం మొక్కని నేలమట్టానికి కోసేస్తుంది. మొదలు చావదు, మళ్ళీ చిగురు పెడుతుంది. మన సత్తుపల్లి దారిలో జామాయిల్ నరికాక మోళ్ళ నుంచి పిలకలు లేస్తాయి చూశారా, అదే పద్ధతి.

కోసిన ఆకునీ కొమ్మనీ ముక్కలు చేసి పెద్ద ఇనప తొట్టిలో దట్టించి, మూత బిగించి, అడుగు నుంచి ఆవిరి పంపుతారు. ఆ ఆవిరి ఆకులోని నూనెని మోసుకుంటూ గొట్టంలోకి వెళ్తుంది. చల్లబరిస్తే నీళ్ళు కిందికి, నూనె పైకి. వంద కిలోల పచ్చి ఆకు నుంచి వచ్చేది ఒకటి రెండు కిలోల నూనె. ఈ లెక్క గట్టిగా గుర్తుపెట్టుకోండి, నేను చెప్పబోయే దానికంతటికీ ఇదే ఆధారం.

ఆదివాసులు వాడింది ఆకు. మన సీసాలో ఉన్నది ఆకు కాదు, గంపల కొద్దీ ఆకుల సారం. పేరు ఒక్కటే కాబట్టి రెండూ ఒకటే అనుకుంటాం. నేనూ అలాగే అనుకుని మొన్న తగిన శాస్తి చేయించుకున్నాను. కాలి వేళ్ళ మధ్య దురదగా ఉంటే, బాత్రూమ్ అలమరలో ఎప్పటిదో టీ ట్రీ ఆయిల్ సీసా కనబడింది. ఏమీ కలపకుండా నాలుగు చుక్కలు పోసి రుద్దాను. తెల్లారేసరికి వేళ్ళు ఎర్రగా వాచి నీటిబుగ్గలు. ఇంత బోటనీ చదివినవాడికి సీసా వెనక చదవడం రాలేదా అని మీ అమ్మమ్మ రోజంతా సాధించింది. ఈ నూనె గాలి తగిలి పాతబడితే అందులో చర్మానికి పడని పదార్థాలు పుడతాయి. అందుకే ముదురు రంగు సీసాలో, మూత బిగించి, ఎండ తగలకుండా పెట్టాలి. పాతదైతే పారెయ్యాలి. నోట్లోకి అసలే వెళ్ళకూడదు. చిన్నపిల్లలు కొంచెం మింగినా మత్తులోకి జారి, స్పృహ తప్పిన సందర్భాలున్నాయి. కుక్కలకీ పిల్లులకీ కూడా ఇది విషమే. చింటూ, మీ వీధి పిల్లికి గజ్జి ఉందని దీంతో వైద్యం మొదలుపెట్టకు.

అలాగని ఉత్త ప్రచారం అని కొట్టిపారెయ్యడానికీ లేదు. 1920ల్లో సిడ్నీలో ఆర్థర్ పెన్‌ఫోల్డ్ అనే రసాయన శాస్త్రవేత్త దీన్ని పరీక్షించి, ఆ రోజుల్లో ఆస్పత్రుల్లో వాడే కార్బాలిక్ యాసిడ్ కన్నా క్రిములని చంపే శక్తి 11 రెట్లు ఎక్కువని తేల్చాడు. రెండో ప్రపంచయుద్ధంలో ఆస్ట్రేలియా సైనికుల మందుల పెట్టెల్లో ఇది ఉండేది. తర్వాత పెన్సిలిన్ రాగానే అందరూ మర్చిపోయారు. 1970ల్లో "సహజం" అన్న మాటకి గిరాకీ వచ్చాక మళ్ళీ బయటికొచ్చింది. అమ్ములూ, నీ మొటిమల సంగతి కూడా ఉంది. 1990లో సిడ్నీలో 124 మంది మీద చేసిన పరిశోధన అచ్చయింది. 5 శాతం టీ ట్రీ నూనె ఉన్న జెల్లు మొటిమలని తగ్గించింది. మామూలుగా డాక్టర్లు రాసే బెంజాయిల్ పెరాక్సైడ్ కన్నా నెమ్మదిగా తగ్గించింది, కానీ మంటా పొడిబారడమూ తక్కువ. అయితే వాళ్ళు రాసింది ముఖం మీద ఉండిపోయే జెల్లు. అర నిమిషం నురగ చేసి కడిగేసే ఫేస్‌వాష్‌కి ఆ ఫలితమంతా అంటగట్టడం నాకు నచ్చదు.

ఇందాక జామాయిల్ అన్నాను కదా. అదీ ఇక్కడిదే! యూకలిప్టస్. మన ఖమ్మం రైతులు కాగితం మిల్లుకి అమ్మే కర్ర ఆస్ట్రేలియా సంతతి అని మీ స్నేహితులకి చెబితే నమ్మరు. అమ్మమ్మ కర్చీఫు మీద వేసిచ్చే నీలగిరి తైలానికి పేరిచ్చినవి మన తమిళనాడు కొండలు. ఆ కొండల మీద 1843 నుంచి వంటచెరకు కోసం నాటిన చెట్టు మాత్రం ఆస్ట్రేలియాకి చెందిన టాస్మానియా దీవి నుంచి వచ్చింది. ఇంగ్లీషువాళ్ళు 1788లో సిడ్నీలో దిగిన ఏడాదే వాళ్ళ సర్జన్ జాన్ వైట్ ఒక రకం యూకలిప్టస్ నూనె తీయించి ఇంగ్లండ్‌కి పంపాడు. 1850ల్లో మెల్‌బోర్న్ దగ్గర జోసెఫ్ బొసిస్టో దాన్ని వ్యాపారం చేశాడు. ఈ నూనె కూడా పైపైనే. ఒక్క టీస్పూను మింగినా పిల్లలకి ఫిట్స్ రావచ్చు. పసిపిల్లల ముక్కు దగ్గర రాయకూడదు. పక్కింటి బుజ్జిగాడికి జలుబు చేస్తే ఆ తైలం తీసుకుని పరిగెత్తకండి.

ఇంకొకటి వింటే మీ అమ్మమ్మలాగే మీరూ ఆశ్చర్యపోతారు. ఇక్కడ నడిమధ్యన ఎడారి ఉంది. అక్కడ ఎరెమోఫిలా అనే పొద పెరుగుతుంది, ఈమూ బుష్ అంటారు. ఆ ఎడారి ప్రజల్లో కొందరు బిడ్డ పుట్టాక తల్లికీ బిడ్డకీ ఆ ఆకుల పొగ పట్టిస్తారు. పచ్చి ఆకుల్ని నిప్పుల మీద వేస్తే దట్టంగా, తడిగా లేచే పొగ. "మన సాంబ్రాణే కదండీ ఇది!" అంది అమ్మమ్మ. మీ ఇద్దరికీ స్నానం చేయించి, గంప బోర్లించి, తువ్వాలు కప్పి ఆవిడ సాంబ్రాణి వేసిన రోజులు గుర్తొచ్చాయి. ఈ ఆకు వేడెక్కినప్పుడు, పచ్చి ఆకులో లేని, క్రిముల్ని చంపే పదార్థం ఒకటి పుడుతుందని ఇక్కడి పరిశోధకులు కనిపెట్టారు. పొగ ఎందుకు పెట్టారో ఆ పెద్దవాళ్ళకి ఎప్పుడో తెలుసన్నమాట. పసివాళ్ళ ఊపిరితిత్తులకి ఏ పొగా మంచిది కాదని ఇప్పటి పిల్లల డాక్టర్లు అంటారు, అదీ నిజమే. ఈ రెండు మాటలూ మనసులో ఉంచుకోవాలి మరి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. డబ్బాల మీద "ఆదివాసుల ప్రాచీన రహస్యం" అని రాసి అమ్ముతుంటారు. నాకు ఒళ్ళు మండుతుంది. ఆస్ట్రేలియా ఆదివాసులు ఒక్క ఊరివాళ్ళు కాదు. వాళ్ళు ఇక్కడ 65 వేల ఏళ్ళుగా ఉన్నారని తవ్వకాలు చెబుతున్నాయి. 250కి పైగా భాషలు మాట్లాడేవాళ్ళు. ఎడారివాళ్ళ మొక్కలు అడవివాళ్ళకి తెలియవు. ఏ ఆకు, ఎప్పుడు కోయాలి, ఎవరు కోయాలి, ఎంత వాడాలి అన్నది ఆ నేలతో ముడిపడ్డ విద్య. సీసాలోకి నూనె వచ్చింది కానీ ఆ విద్య రాలేదు. చాలాసార్లు డబ్బులు కూడా వాళ్ళకి చేరలేదు.

కాకడు ప్లమ్ అనే పండు కథ చూడండి. ఉత్తరాన, కింబర్లీ వైపు దాన్ని గబింజ్ అంటారు. ఆకుపచ్చగా, పెద్ద ఉసిరికాయ కన్నా చిన్నగా ఉంటుంది. వంద గ్రాముల పండులో సి విటమిన్ 2000 మిల్లీగ్రాములు దాటిపోవచ్చు. నారింజలో యాభై ఉంటే గొప్ప. పండు తింటారు, లోపలి బెరడు పుండ్లకీ చర్మ రోగాలకీ వాడతారు. ఈ చెట్టు పూర్తి పేరు టెర్మినేలియా ఫెర్డినాండియానా. టెర్మినేలియా అనగానే నాకు ప్రాణం లేచొచ్చింది. మన కరక్కాయ, తానికాయ, నల్లమద్ది, మీ స్కూల్ గేటు పక్కనున్న బాదం చెట్టు, అన్నీ టెర్మినేలియాలే! త్రిఫలలో రెండు ఫలాలకి ఇది అక్కాచెల్లెలి వరస.

2007లో అమెరికా కాస్మెటిక్స్ కంపెనీ ఒకటి ఈ పండు సారాన్ని క్రీముల్లో వాడే విషయమై పేటెంట్ అడిగింది, అంటే ఇది కనిపెట్టింది మేమే, హక్కు మాదే అని. ఇక్కడ అభ్యంతరాలొచ్చాయి, చివరికి ఆస్ట్రేలియాలో ఆ దరఖాస్తు వెనక్కి పోయింది. మీకు పసుపు కథ చెప్పాను గుర్తుందా? పసుపు గాయాలు మాన్పుతుందని 1995లో అమెరికాలో పేటెంట్ ఇచ్చేశారు. మన ప్రభుత్వ శాస్త్ర పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ వాళ్ళు పాత సంస్కృత గ్రంథాలూ, 1953 నాటి వైద్య పత్రికా తీసుకెళ్ళి ముందు పెడితే 1997లో రద్దు చేశారు. మనకి చూపించడానికి కాగితం ఉంది. ఇక్కడివాళ్ళ విద్య పాటల్లో, కథల్లో, అమ్మమ్మలు మనవరాళ్ళకి చెట్టు దగ్గర నిలబెట్టి చెప్పే మాటల్లో ఉంటుంది. పేటెంట్ ఆఫీసు అడిగేది మాత్రం కాగితాన్నే. ఇప్పుడు ఉత్తరాన ఆదివాసుల సంఘాలు కలిసి కూటమి కట్టుకుని తమ పండు తామే ఏరి, తామే అమ్ముకుంటున్నాయి. నేను మొన్న కొన్న పొడి డబ్బా వాళ్ళదే. ధర చూసి మామయ్య నోరెళ్ళబెట్టాడు, కానీ కొన్నాను.

సరే, అమ్ములూ, నీకో పని. ఆ ఫేస్‌వాష్ వెనకవైపు చిన్న అక్షరాలు ఫోటో తీసి పంపు. అందులో పదార్థాలు ఎక్కువ నుంచి తక్కువకి వరసగా రాస్తారు, ఒక శాతం లోపువి మాత్రం ఎటైనా రాసుకోవచ్చు. మెలలూకా పేరు ఎక్కడుందో వెతుకు. సువాసన కోసం కలిపిన సెంటు తర్వాత ఎక్కడో తోకలో ఉంటే, నువ్వు డబ్బులిచ్చింది ట్యూబు మీది ఆకు బొమ్మకన్నమాట. ఇక్కడ మందు కింద అమ్మే సీసాలకైతే "ఆస్ట్ ఎల్" అనో "ఆస్ట్ ఆర్" అనో ఒక నంబరు ఉంటుంది. ఆర్ అంటే అది పనిచేస్తుందో లేదో కూడా ప్రభుత్వం ముందే పరిశీలించిందని. ఎల్ అంటే, అందులో కలిపినవి మామూలుగా ప్రమాదం లేనివని మాత్రమే, రోగం తగ్గిస్తుందా లేదా అన్నది అమ్మేముందు ఎవరూ తేల్చలేదని. ఇక్కడివాళ్ళలోనే చాలామందికి ఈ తేడా తెలియదు, షాపులో నా వెనక నిలబడ్డ ఆవిడకి నేనే చెప్పాల్సొచ్చింది.

చింటూ, నీ పని తేలిక. బాదం చెట్టు ఆకు ఒకటీ, మన ఆయుర్వేద కొట్లో కరక్కాయ ఒకటీ తెచ్చి అట్టపెట్టెలో దాచు. నేను వచ్చేటప్పుడు గబింజ్ ఎండు పండు తేవాలనుంది కానీ కస్టమ్స్‌వాళ్ళు ఒప్పుకోరేమో, ఫోటో అయినా తెస్తాను.

అమ్మమ్మ వంటింట్లోంచి పిలుస్తోంది. పెరట్లో లెమన్ మర్టిల్ చెట్టుంది, ఆకులో మన నిమ్మగడ్డి వాసనే, ఇంకా ఘాటుగా. రెండు రోజుల నుంచీ చారులో వేస్తానంటోంది, ఇవాళ వేసేసినట్టుంది. మామయ్య అప్పుడే పెరుగన్నం కలుపుకుంటున్నాడు. నేను వెళ్ళి రుచి చూసి, రాత్రి కాల్లో చెబుతాను.

మీ
తాతయ్య