బుష్ మరచిపోని కోణం

ఒక పాఠకుడు పంపిన ప్రశ్న ఇది. ఆయన కారుకు ఇరవై ఏళ్లు దాటాయి. మూడేళ్ల కిందట పొట్టి స్ప్రింగులు వేయించి బాడీని 40 మిల్లీమీటర్లు కిందికి దించారు. నిరుడు లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చేయి) బాడీకి తగిలే చోట ఉండే రబ్బరు బుష్‌లు అరిగిపోతే ఒరిజినల్ పార్టులే తెచ్చి మార్పించారు. ఏడాది తిరగకుండానే అవి చిరిగాయి. "పాతవి అన్నేళ్లు ఆగాయి, కొత్తవి ఏడాది కూడా ఆగలేదు. ఇప్పటి పార్టుల్లో సరుకు లేదా?"

సరుకు లేని పార్టులు ఉంటాయి, కాదనను. కానీ ఆయన పంపిన ఫొటోలో పగులు లోపలి గొట్టాన్ని ఆనుకుని నెలవంకలా ఉంది. అది చూడగానే నాకు అనుమానం పార్టు మీద కాకుండా బోల్టు మీద కలిగింది. దాన్ని బిగించినప్పుడు చక్రం ఎక్కడుంది?

షాక్ అబ్జార్బర్ ఆయిల్ కారితే కంటికి కనిపిస్తుంది. బాల్ జాయింట్ వదులైతే గుంతలో టక్కుమంటుంది. వాటి గురించి ఏ మెకానిక్కైనా చెబుతాడు. బుష్ గురించి మాత్రం అనుభవం ఉన్నవాళ్లు కూడా పొరబడతారు. దాన్ని బేరింగులాంటిదని, లోపల ఏదో జారుతుందని అనుకుంటారు. మామూలు రబ్బరు బుష్‌లో ఏదీ జారదు. బయట ఒక స్టీలు గొట్టం, లోపల ఇంకో చిన్న స్టీలు గొట్టం, మధ్యలో ఆ రెండింటికీ గట్టిగా అతుక్కుపోయిన రబ్బరు. బయటి గొట్టాన్ని ఆర్మ్‌లోకి ప్రెస్ మీద దింపుతారు. లోపలి గొట్టంలోంచి బోల్టు వెళ్తుంది. బోల్టు బిగియగానే ఆ గొట్టం బాడీ వైపు కదలకుండా పట్టుబడిపోతుంది. ఇక చక్రం పైకి లేచినా కిందికి దిగినా రబ్బరు మెలితిరగాల్సిందే.

అంటే బుష్ కూడా ఒక స్ప్రింగే, మెలితిరిగే స్ప్రింగు. స్ప్రింగన్నాక ఏ బలమూ లేని ఒక నిలకడ చోటు ఉంటుంది. బుష్ విషయంలో ఆ చోటును నిర్ణయించేది పార్టు చేసిన ఫ్యాక్టరీ కాదు, పానా పట్టుకున్న మనిషి.

మన మెడనే తీసుకోండి. నేరుగా చూసేవాడు కుడికీ ఎడమకీ సులువుగా తిరుగుతాడు. అదే మనిషిని ఎడమకి తిప్పి కూర్చోబెట్టి, "నీకు ఇదే నేరు" అన్నామనుకోండి. కాసేపటికి నరాలు లాగుతాయి. పక్కన ఎవరో పిలిస్తే ఇంకా ఎడమకి తిరగాలి, అప్పటికే సగం తిరిగి ఉన్నాడు. కుడికి తిరిగితే మాత్రం హాయి. రాత్రి అలాగే పడుకుంటే పొద్దున మెడ పట్టేస్తుంది. లిఫ్టు మీద చక్రాలు వేలాడుతుండగా బిగించిన బుష్ సరిగ్గా ఇలాంటి మనిషే. కారు గాల్లో ఉన్నప్పుడే దానికి సుఖం, నేల మీద నిలబడినంతసేపూ మెడ తిప్పుకునే ఉంటుంది. కారు జీవితమంతా గడిచేది నేల మీదే కదా.

ఎంత తిప్పుకుంటుందో లెక్క వేద్దాం. ఆర్మ్ పొడవు 350 మిల్లీమీటర్లు, కంపెనీ ఎత్తులో అది అడ్డంగా ఉందనుకుందాం. గాల్లోకి లేపితే చక్రం 80 మిల్లీమీటర్లు జారుతుందనుకుంటే, ఆర్మ్ 13 డిగ్రీలు కిందికి వాలుతుంది. 40 మిల్లీమీటర్లు దించిన కారు నేల మీద నిలబడితే ఆర్మ్ పైకి 6.6 డిగ్రీలు వాలి ఉంటుంది. షాక్ అబ్జార్బర్ పాత పొడవుదే అయితే గాల్లో చక్రం జారేది పాత చోటుకే. కాబట్టి గాల్లో బిగించి కిందికి దింపితే బుష్ దాదాపు 20 డిగ్రీలు మెలితిరిగి నిలబడుతుంది. గుంత ఇంకా రాలేదు.

20 డిగ్రీలంటే ఏముందిలే అనిపిస్తుంది. లోపలి గొట్టం వ్యాసార్ధం 10 మిల్లీమీటర్లు, రబ్బరు బయటి అంచు 20 అనుకోండి. మెలి రబ్బరంతా సమానంగా పంచుకోదు. కోత వికృతి (రబ్బరు పొరలు ఒకదాని మీద ఒకటి పక్కకు జరిగే మోతాదు) వ్యాసార్ధపు వర్గానికి విలోమంగా ఉంటుంది, అంటే లోపలి అంచున బయటి అంచుకన్నా నాలుగు రెట్లు. ఈ కొలతలకు కూడితే లోపలి అంచున వికృతి మెలి కోణానికి (రేడియన్లలో) 2.67 రెట్లు వస్తుంది. 20 డిగ్రీలకు అది 0.93. కంపెనీ ఎత్తులో బిగించి తర్వాత 40 మిల్లీమీటర్లు దించిన బుష్‌కి 0.31 మాత్రమే. పాఠకుడి పాత బుష్‌లకూ కొత్తవాటికీ తేడా ఇదే. పగులు లోపలి గొట్టం దగ్గరే మొదలవడానికీ ఇదే కారణం.

ఇక్కడ ఓజోన్ వచ్చి చేరుతుంది. గాలిలో ఇది పది కోట్ల పాళ్లలో కొద్ది పాళ్లే ఉంటుంది, కానీ సహజ రబ్బరు గొలుసుల్లోని జంట బంధాలను తెంపడానికి ఆ కొద్ది చాలు. సాగకుండా పడి ఉన్న రబ్బరును అది పైపైన తాకి ఊరుకుంటుంది. సాగదీసి పట్టుకున్న రబ్బరులో మాత్రం సాగిన దిశకు అడ్డంగా పగుళ్లు తెరుస్తుంది. పగులు తెరుచుకుంటే కొత్త రబ్బరు గాలికి తగులుతుంది, మళ్లీ తెగుతుంది. షెడ్డులో కదలకుండా ఉన్న కారు బుష్ కూడా ఎందుకు పగిలిందని అడిగేవాళ్లకు ఇదే జవాబు. కారు కదల్లేదు నిజమే, రబ్బరు మాత్రం సాగే ఉంది.

ఒక చిన్న పక్కదారి. బడిలో "రబ్బరు కన్నా ఉక్కుకే స్థితిస్థాపకత ఎక్కువ" అని బట్టీ పట్టించి పాఠం ముగించేస్తారు. ఉక్కు లాగే తీరు వేరు, రబ్బరు లాగే తీరు వేరని ఎవరూ చెప్పరు. రబ్బరు బ్యాండును చటుక్కున సాగదీసి పెదవికి తాకించి చూడండి, వెచ్చగా ఉంటుంది. జాన్ గఫ్ అనే అంధ శాస్త్రజ్ఞుడు 1805లోనే దీన్ని రాశాడు. చిక్కుముడిలా చుట్టుకున్న గొలుసులు సాగినప్పుడు వరుసగా సర్దుకుంటాయి, వేడి వాటిని మళ్లీ చిక్కుముడిలోకి లాగుతుంది. ఆ గొలుసులు ఒకదాని మీదుగా ఒకటి జారిపోకుండా గంధకపు వంతెనలు పట్టి ఉంచుతాయి. చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టి, 1844లో పేటెంట్ తీసుకున్నది ఈ వంతెనల పనే. చాలాకాలం మెలితిప్పి ఉంచితే కొన్ని వంతెనలు తెగి కొత్త చోట కట్టుకుంటాయి. రబ్బరు ఆ ఆకారానికి కొంత అలవాటు పడుతుంది.

ఈ అలవాటే ఇంకో గజిబిజి తెస్తుంది. గాల్లో బిగించిన బుష్ ఆర్మ్‌ను కిందికి నెడుతూ కారును కాస్త ఎత్తి పట్టుకుంటుంది. ఆ ఎత్తులో వీల్ అలైన్‌మెంట్ చేయిస్తారు. నెలలు గడిచేకొద్దీ రబ్బరు సడలి కారు దిగుతుంది, కొలతలు తప్పుతాయి. కుడివైపు గాల్లో, ఎడమవైపు నేల మీద బిగిస్తే కారు ఒక పక్కకు ఒరిగినట్టు నిలబడుతుంది, నింద స్ప్రింగు మీద పడుతుంది. నేనూ ఒకసారి ఒక వారమంతా స్ప్రింగుల్నే అనుమానించాను. చివరికి నాలుగు బోల్టులు వదులు చేసి నేల మీద మళ్లీ బిగిస్తే ఒరుగుడు పోయింది.

చేయాల్సింది కష్టమేమీ కాదు. ఏదీ విప్పకముందే, కారు నేల మీద ఉన్నప్పుడు, చక్రం నడిమధ్య నుంచి పైనున్న ఫెండర్ అంచుకు దూరం కొలిచి రాసుకోండి. స్ప్రింగులు కూడా మారుస్తుంటే ఈ కొలత పనికిరాదు, కొత్త స్ప్రింగుల మీద కారును కాస్త నడిపించి మళ్లీ కొలవాలి. కొత్త బుష్‌ల బోల్టులు చేత్తో తిరిగేంత వదులుగా వేసి, ర్యాంపుల మీదికి ఎక్కించి, టార్క్ రెంచ్‌తో మాన్యువల్లో చెప్పినంత బిగించాలి. ర్యాంపులు లేకపోతే బాడీ స్టాండ్ల మీద ఉండగా ఆర్మ్ కింద జాక్ పెట్టి, ఆ కొలత వచ్చేదాకా ఎత్తి బిగించవచ్చు. బాడీ స్టాండు మీద నుంచి లేచేంత ఎత్తొద్దు. జాక్ ఒక్కదాన్నే నమ్మి కారు కిందికి దూరొద్దు. ఇలా దించిన కారైతే మాన్యువల్లో రాసిన కంపెనీ ఎత్తు మీ కారుది కాదు, దాన్ని పట్టుకుని బిగిస్తే 6.6 డిగ్రీల తప్పు అలాగే మిగులుతుంది.

పాలీయురేథేన్ బుష్‌లు వేస్తే ఈ గొడవ లేదా అంటే, మెలి గొడవ చాలావరకు లేదు. వాటిలో లోపలి గొట్టం నిజంగానే జారుతుంది. అందుకే గ్రీజు ఎండితే కీచుమంటాయి, రోడ్డు అదురును ఎక్కువగా లోపలికి పంపుతాయి. ఆర్మ్ ఒక అక్షం చుట్టూనే తిరిగే చోట బాగుంటాయి. నాలుగు దిక్కులా ఊగాల్సిన చోట బిగుసుకుపోతాయి.

రబ్బరు బుష్ కీచుమంటోందని ఇంజన్ ఆయిల్ చల్లే అలవాటు ఒకటి ఉంది. శబ్దం ఆగుతుంది కూడా. ఖనిజ నూనె సహజ రబ్బరు లోపలికి ఇంకి దాన్ని ఉబ్బిస్తుంది, మెత్తబరుస్తుంది. అన్నట్టు ఆ పాఠకుడి ఫొటోలో బుష్ చుట్టూ నూనె మరక కనిపించలేదు, అనుమానం బిగింపు మీదే మిగిలింది. కాబట్టి ఈసారి బుష్‌లు మార్పించేటప్పుడు, చివరి బిగింపు నేల మీద చేయమని ఆయన ముందే అడగాలి.