సంక్రాంతికి జానెడు గుడ్డ

నెల్లూరు,
నెలగంట పెట్టిన రోజు.

పిలకాయలందరికీ అమ్మమ్మ ఆశీస్సులు.

ఈసారి పండక్కి వచ్చేటప్పుడు ఒకరికొకరు బజారులో ఏమీ కొనకండి. ఈ ఉత్తరంతో పాటు 12 గుడ్డ ముక్కలు, కుట్టడానికి దారం లచ్చిలు పంపుతున్నాను. ఒక్కో ముక్కకీ ఒక చీటీ గుచ్చాను. మీకొచ్చిన చీటీలో ఎవరి పేరుంటే వాళ్లకి ఆ గుడ్డ మీద ముగ్గు కుట్టి, చేతిరుమాలు చేసి తీసుకురండి. ఎవరికి కుడుతున్నారో కనుమ దాకా బయటపెట్టొద్దు.

మీటరు గుడ్డ, 44 అంగుళాల పన్నా. 10 అంగుళాల చొప్పున కోస్తే ఇన్నొచ్చాయి. అంచులు అర అంగుళం మడిచి కుట్టాక 9 అంగుళాలు మిగులుతుంది, అంటే నా జానెడు. వెంకటగిరి నేత అంటే నాకు ప్రాణమే కానీ, కొత్తగా సూది పట్టిన వేళ్లకి ఆ సన్న నూలు లొంగదు. అందుకే కాస్త ముతక చేనేత తీసుకున్నాను. కోసేముందు సూది మొనతో ఒక్క పోగును లేపి మెల్లగా లాగాను. గుడ్డలో సన్నటి దారి పడుతుంది. దాని వెంట కత్తెర పోనిస్తే, స్కేలు పెట్టి గీసినా రానంత తిన్నగా తెగుతుంది. మగ్గం మీద నేతగాడు వేసిన పేక దారే కదా అది!

లచ్చిలో దారం 6 పోగులుగా ఉంటుంది. మనకి రెండు చాలు. ఒక్కొక్కటే విడిగా లాగి, తర్వాత రెండూ కలపండి. మూరెడుకి మించి తీసుకుంటే చిక్కులు పడుతుంది.

5 వరుసల్లో అయిదేసి చుక్కలు పెన్సిలుతో పెట్టుకోండి. చుక్కకి ముడి కుట్టు. దారాన్ని సూదికి రెండు చుట్లు చుట్టి, పైకొచ్చిన చోటికి ఒక పోగు పక్కన దించాలి. అదే రంధ్రంలో దించితే ముడి వెనక్కి జారిపోతుంది. చుక్కల చుట్టూ తిరిగే మెలికకి గొలుసు కుట్టు. సూది పైకొచ్చిన చోటే మళ్లీ దించి, కొంచెం ముందు మొన తేల్చి, దారాన్ని మొన కిందుగా వేసి లాగితే ఒక కన్ను పడుతుంది. తర్వాతి కుట్టు ఆ కన్నులోంచే మొదలు. బిగించి లాగకండి, గుడ్డ ముడుచుకుపోతుంది.

ఎర్ర దారంతో మాత్రం జాగ్రత్త. ముందే చిన్న ముక్క తడిపి తెల్లగుడ్డలో నొక్కి చూడండి. 11 ఏళ్లప్పుడు నా స్నేహితురాలికని ఎర్ర మందారం కుట్టాను. ఇచ్చేముందు ఉతికితే రంగు దిగి రుమాలంతా గులాబీ మరకలు. ఏడ్చుకుంటూనే ఇచ్చాను. మొన్న పేరంటానికొచ్చి తాంబూలం అందులోనే మూటకట్టుకుంది. మరకలు అలాగే ఉన్నాయి. తను నాకు కుట్టిచ్చిన చిలక నా ట్రంకుపెట్టెలో ఉంది. ఆ ఏడు ఇంట్లో కొనిపెట్టిన గాజులు, రిబ్బన్లు ఏమయ్యాయో నాకు గుర్తు లేదు.

మన స్వర్ణాల చెరువు దగ్గర రొట్టెల పండగ చూశారుగా. కోరిక ఉన్నవాళ్లు అది తీరినవాళ్ల చేతి రొట్టె పుచ్చుకుంటారు. చదువు రొట్టె, పెళ్లి రొట్టె, ఇల్లు రొట్టె అని అడిగి మరీ తీసుకుంటారు. తమ కోరిక తీరితే మరో ఏడు తామే రొట్టె తెచ్చి ఇంకొకరికిస్తారు. ముక్కూ మొహం తెలియనివాళ్ల చేతి రొట్టెనే అంత ప్రేమగా కళ్లకద్దుకునే ఊరు మనది. మీరంతా ఒక ఇంటి పిల్లలు. ఒకరి గుడ్డ మీద ఇంకొకరు నాలుగు సాయంత్రాలు కూర్చోలేరా?

మగపిల్లలకి వేరే పని చెప్పమని అడగొద్దు. వెంకటగిరిలో మగవాళ్లు కూడా మగ్గం మీద చీరలు నేస్తారు.

కనుమ నాడు భోజనాలయ్యాక వసారాలో చాప పరుస్తాను. రుమాళ్లు అక్కడ మార్చుకుందురు. ఎవరిది బాగుందని పోటీ మాత్రం పెట్టను. మధ్యలో దారం అయిపోతే ఫోను చేయండి. అదే రంగు మళ్లీ దొరకడం కష్టమని లచ్చికొకటి నా దగ్గర అట్టేపెట్టాను.

మీ అమ్మమ్మ