సున్నిత మనస్తత్వం: జబ్బూ కాదు, బిరుదూ కాదు

ఈమధ్య కౌన్సెలింగ్‌కి వచ్చేవాళ్లలో కొందరు కుర్చీలో సర్దుకోకముందే "నేను హెచ్‌ఎస్‌పీ అండీ" అనేస్తున్నారు. హైలీ సెన్సిటివ్ పర్సన్ అని. రీల్స్‌లో చూసి ఉంటారు, ఆన్‌లైన్‌లో ఏదో క్విజ్ చేసి ఉంటారు. అదే వారంలో ఇంకెవరో తల్లిదండ్రులు పిల్లాణ్ని వెంటబెట్టుకుని వచ్చి అదే స్వభావాన్ని వేరే మాటల్లో చెబుతారు. "చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడతాడు." "ఒక్క మాట అంటే చాలు, కళ్లనిండా నీళ్లే." "ఇంత వయసొచ్చినా గుండె దిటవు లేదండీ." మొదటివాళ్లకి అదొక బిరుదు, రెండోవాళ్లకి అదొక లోపం. రెండూ కాదని నచ్చజెప్పడానికే నా సమయం సగం పోతుంది.

ముందు ఇది ఎక్కణ్నుంచి వచ్చిందో చెబుతాను. అమెరికన్ సైకాలజిస్టు ఎలైన్ ఆరన్ 1990ల్లో ఇలాంటి స్వభావం ఉన్నవాళ్లతో విడివిడిగా మాట్లాడి, వాళ్లు చెప్పినదాంట్లోంచి 27 ప్రశ్నల కొలమానం తయారుచేశారు. భర్త ఆర్థర్ ఆరన్‌తో కలిసి 1997లో పరిశోధన పత్రం ప్రచురించారు. పరిశోధకులు వాడే పేరు సెన్సరీ ప్రాసెసింగ్ సెన్సిటివిటీ. చుట్టూ జరిగేదాన్ని ఎక్కువ గమనించడం, గమనించినదాన్ని మనసులో తిప్పి తిప్పి ఆలోచించడం, అందువల్ల తొందరగా అలిసిపోవడం, సంతోషమైనా బాధైనా గట్టిగా తగలడం: ఇవన్నీ కలిసి ఉండే స్వభావం అది. చెవులు, కళ్లు బాగా పనిచేస్తాయని కాదు. అవి తెచ్చి ఇచ్చిన సమాచారాన్ని మెదడు ఎంతసేపు పట్టుకుని కూర్చుంటుందన్నదే తేడా.

అపోహ: ఇదొక మానసిక జబ్బు. మందుంటే రాయండి.

నేను సైకాలజిస్టుని, మందులు రాయను. రాసే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లినా దీనికి మందు లేదు, ఎందుకంటే ఇది జబ్బుల జాబితాలోనే లేదు. అమెరికన్ సైకియాట్రిస్టుల డీఎస్ఎమ్‌లో లేదు, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీలో లేదు. పొడుగు పొట్టిలాగే ఇదీ అందరిలో ఎంతో కొంత ఉంటుంది, కొందరిలో ఎక్కువ ఉంటుంది. బ్రిటన్‌లో 17 ఏళ్ల కవలల మీద చేసి 2020లో వెలువరించిన అధ్యయనంలో మనిషికీ మనిషికీ ఉన్న తేడాలో దాదాపు 47 శాతం జన్యువుల వల్లేనని తేలింది. మిగతాది పెరిగిన పరిస్థితులు. అందుకే "మీ వంశంలో ఎవరూ ఇలా లేరే" అని కోడలి వైపు చూసే అత్తగారికీ, "నా పెంపకంలోనే తేడా ఉందేమో" అని కుమిలిపోయే తల్లికీ నేను ఇదే లెక్క చూపిస్తాను.

ఎంతమందిలో ఎక్కువగా ఉంటుందంటే, ఆరన్ మొదట్లో 15 నుంచి 20 శాతం అన్నారు. 2018లో ఫ్రాన్సిస్కా లియొనెట్టి, మైకేల్ ప్లూయెస్ బృందం లెక్కలో దాదాపు 31 శాతం ఎక్కువ సున్నితులు, 40 శాతం మధ్యస్థులు, 29 శాతం తక్కువ సున్నితులు. వాటికి ఆర్కిడ్, తులిప్, డాండెలైన్ అని పూల పేర్లు పెట్టారు. ఆర్కిడ్‌కి చాకిరీ చెయ్యాలి, డాండెలైన్ రోడ్డు పక్కన కూడా బతికేస్తుంది. మన దగ్గరైతే గడ్డిచామంతి అనేవాళ్లేమో. పేర్ల సంగతి ఎలా ఉన్నా, మూడింట ఒక వంతు మందిలో కనిపించేదాన్ని జబ్బు అనడం కుదరదు.

అపోహ: సున్నితం అంటే బిడియం. నలుగురిలో కలవరు.

ఆరన్ అంచనాలోనే ఇలాంటివాళ్లలో 30 శాతం దాకా కలుపుగోలు మనుషులు, జనం మధ్య ఉండటం ఇష్టపడేవాళ్లు. పెళ్లిలో సంగీత్ బాధ్యతంతా నెత్తినేసుకుని, అందరినీ పలకరించి, తొమ్మిదింటికి డీజే బాక్సులు మోగడం మొదలవగానే ఫంక్షన్ హాల్ పైనున్న గదిలోకి వెళ్లి లైటార్పుకుని కూర్చునే అమ్మాయిని మీరూ చూసే ఉంటారు. చుట్టాలు "అలిగిందా?" అని వెతుక్కుంటూ వెళతారు. అలగలేదు. ఒక అరగంట వదిలేస్తే తనే కిందికి దిగి వస్తుంది. బిడియస్తులకి భయం మనుషులు ఏమనుకుంటారోనని. ఈ అమ్మాయికి మనుషులతో పేచీ లేదు, మోతతోనే.

అపోహ: కష్టాల్లో పడేస్తే వాళ్లే గట్టిపడతారు.

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ నమ్మకమే. నా దగ్గరికి వచ్చే ఇంటర్ పిల్లల్లో ఒక రకం కథ మళ్లీ మళ్లీ వినిపిస్తుంది. ఇద్దరు ముగ్గురి వివరాలు కలిపి, ఎవరినీ పోల్చుకోవడానికి వీల్లేకుండా చెబుతున్నాను. పదో తరగతి దాకా చక్కగా చదివిన పిల్లాడు. రెసిడెన్షియల్ కాలేజీలో ఎంపీసీలో వేశారు. దసరా సెలవులకి ఇంటికొచ్చి, తిరిగి వెళ్లే రోజు బాత్రూంలోంచి బయటికి రాలేదు.

"మేడమ్, వాళ్లన్న అదే క్యాంపస్‌లో రెండేళ్లు చదివాడు. అదే హాస్టల్, అదే మెస్. వాడికి లేని బాధ వీడికేంటి?" అని తల్లి. నేను పిల్లాణ్ని చదువు గురించి అడగలేదు. "పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం వినిపిస్తుందో చెప్పు నాన్నా" అన్నాను. టకటకా చెప్పాడు. తెల్లవారుజామున వార్డెన్ తలుపు మీద కర్రతో కొట్టడం. మెస్‌లో స్టీలు కంచాలు ఒకదాని మీద ఒకటి పడెయ్యడం. స్టడీ అవర్‌లో వెనక బెంచీవాడు పెన్ను టిక్కు టిక్కు నొక్కడం. నోటీసు బోర్డు దగ్గర వీక్లీ టెస్టు మార్కులు పైకి చదవడం. రాత్రి డార్మిటరీలో ఆరీ ఆరని ట్యూబ్‌లైట్. ఇవన్నీ అన్న కూడా విన్నవే, చూసినవే. అన్న బుర్రలోంచి అవి జారిపోయాయి, తమ్ముడి బుర్రలో పేరుకుపోయాయి.

అక్కడ ఆ పిల్లాడు గట్టిపడలేదు, చదివింది గుర్తుండటం మానేసింది. డే స్కాలర్‌గా మార్చి, ఇంటి దగ్గర ఒక గది మూల ఖాళీ చేసి ఇచ్చి, మార్కులు అడగాల్సి వస్తే తండ్రి ఒక్కడే పక్కకి పిలిచి అడిగేలా మాట తీసుకున్నాం. ర్యాంకు వచ్చిందా అంటారా? నిద్ర వచ్చింది. నాకు ముందు అది కావాలి.

దీని వెనక గట్టి పరిశోధనే ఉంది. స్టెల్లా చెస్, అలెగ్జాండర్ థామస్ 1956లో న్యూయార్క్‌లో పసిపిల్లల స్వభావాల మీద మొదలుపెట్టిన సుదీర్ఘ అధ్యయనంలో తేలిందేమిటంటే, పిల్లాడి స్వభావం మంచిదా చెడ్డదా అన్నదానికంటే దానికీ పెంపకానికీ పొంతన కుదిరిందా లేదా అన్నదే ముఖ్యం. సున్నితమైన పిల్లలు చెడు వాతావరణంలో మిగతావాళ్లకంటే ఎక్కువ దెబ్బతింటారు, ఇది చాలామందికి తెలుసు. రెండో సగం ఎవరూ చెప్పరు: మంచి వాతావరణంలో మిగతావాళ్లకంటే ఎక్కువ లాభపడతారు కూడా. 2015లో ప్లూయెస్, ఇలోనా బోనివెల్ లండన్ తూర్పు ప్రాంతంలోని పేదవాడలో 11 ఏళ్ల ఆడపిల్లలకి కుంగుబాటు రాకుండా స్కూల్లోనే శిక్షణ ఇప్పించి చూశారు. సున్నితత్వం ఎక్కువ ఉన్న పిల్లల్లో కుంగుబాటు లక్షణాలు బాగా తగ్గాయి, ఏడాది తర్వాత కూడా ఆ తేడా నిలిచింది. సున్నితత్వం తక్కువ ఉన్నవాళ్లలో అదే శిక్షణ ప్రభావం కనబడలేదు. అంటే టీచరు ఒక మంచి మాట అంటే అది ఎక్కువ అంటుకునేది కూడా ఈ పిల్లాడికే. తల్లిదండ్రులకి నేను ఇది చెప్పినప్పుడు ముఖాలు మారడం చూస్తుంటాను. అప్పటిదాకా వాళ్లు లోటు ఒక్కటే లెక్కేసుకుని ఉంటారు.

అపోహ: మగపిల్లాడు ఇంత మెత్తగా ఉంటే ఎలా?

ఈ స్వభావం ఆడవాళ్లలో, మగవాళ్లలో దాదాపు సమానమేనని ఆరన్ అంటారు. ప్రశ్నపత్రాల్లో మగవాళ్లకి కొంచెం తక్కువ మార్కులు వస్తాయి. "తేలిగ్గా కదిలిపోతారా?" అన్న ప్రశ్నకి అవునని టిక్కు పెట్టడం మగాడికి ఎంత కష్టమో మీకు వేరే చెప్పక్కర్లేదు. "ఆడపిల్లలా ఏంట్రా ఆ ఏడుపు" అని అయిదేళ్లప్పుడు విన్నవాడు పాతికేళ్లకి ఏడవడు, విసుక్కుంటాడు. పెళ్లయ్యాక భార్య నా దగ్గరికి తీసుకొచ్చేది "కోపిష్టి భర్త"ని. నాలుగు సిట్టింగులయ్యాక బయటపడేది ట్రాఫిక్‌లో హారన్లు విని విని, ఓపెన్ ఆఫీసులో రోజంతా పక్కవాళ్ల కాల్స్ విని, ఇంటికొచ్చేసరికి ఇంకొక్క శబ్దం పట్టని మనిషి. అప్పుడే టీవీలో సీరియల్, వంటింట్లో మిక్సీ.

సమాజం కొలతలు మారితే ఇదే స్వభావం విలువ ఎలా పెరిగి తరుగుతుందో చూడండి. 1992లో షిన్యిన్ చెన్ బృందం షాంఘై పిల్లల్నీ కెనడా పిల్లల్నీ పోల్చింది. బిడియంగా, సున్నితంగా ఉండే పిల్లల్ని కెనడాలో తోటివాళ్లు దూరం పెట్టారు. షాంఘైలో అలాంటివాళ్లే తోటి పిల్లలకి నచ్చారు. ఆ తర్వాత చైనా నగరంలో 1990, 1998, 2002 నాటి వేర్వేరు పిల్లల బృందాల్ని పోల్చి చూస్తే ఆదరణ మెల్లగా తగ్గి, 2002 నాటికి తిరగబడింది. మధ్యలో మారింది పిల్లలు కాదు, మార్కెట్. ధాటిగా మాట్లాడేవాడికి గిరాకీ పెరిగింది. వాళ్లు కొలిచింది ఎక్కువగా బిడియాన్ని, ఆరన్ చెప్పే సున్నితత్వాన్ని అచ్చంగా కాదు. అయినా నాకు మన ఇళ్లే గుర్తొస్తాయి. మా తాతల కాలంలో "నెమ్మదస్తుడు, కుదురైన పిల్లాడు" అని పెళ్లి సంబంధాలకి చెప్పుకున్న గుణమే ఇవాళ "కమ్యూనికేషన్ స్కిల్స్ లేవండీ" అని ఫీజు కట్టి బాగుచేయించుకునే సమస్య అయింది.

అపోహ: సున్నితమైనవాళ్లు మంచివాళ్లు, ఎదుటివాళ్ల మనసు చదివేస్తారు.

ఇది బిరుదు వర్గం అపోహ. 2014లో బియాంకా అసివెడో బృందం తీసిన మెదడు స్కానింగ్‌ల్లో, జీవిత భాగస్వామి నవ్వు ముఖం, ఏడుపు ముఖం చూసినప్పుడు సున్నితుల మెదడులో సానుభూతికి సంబంధించిన భాగాలు ఎక్కువ చురుగ్గా కనిపించాయి. అందులో పాల్గొన్నది 18 మంది. దాన్ని పట్టుకుని "మాది ప్రత్యేకమైన మెదడు" అనుకోవడం తొందరపాటే. ఎదుటివాళ్ల ముఖం మారిందని పసిగట్టడం వేరు, ఎందుకు మారిందో సరిగ్గా తెలుసుకోవడం వేరు. మొదటిది వీళ్లకి బాగా వచ్చు. రెండోదాంట్లో అందరిలాగే పొరబడతారు, పైగా "నా మీదే కోపం" అని ముడిపెట్టేసుకుంటారు. 2019లో పాత అధ్యయనాలన్నీ కలిపి లెక్కేసినప్పుడు పెద్దవాళ్లలో ఈ స్వభావానికి ఆందోళనపడే గుణంతో గట్టి సంబంధం, కొత్తదనాన్ని, కళల్ని ఇష్టపడే గుణంతో కొంచెం సంబంధం కనిపించాయి. మంచితనంతో, సర్దుకుపోయే గుణంతో సంబంధం కనబడలేదు. ఇదంతా ఆందోళన స్వభావానికి పెట్టిన ముద్దుపేరేనని కొట్టిపారేసే సైకాలజిస్టులూ ఉన్నారు. నేను అంత దూరం వెళ్లను. లండన్ పిల్లలు ఎక్కువ లాభపడ్డారన్న సంగతి ఆందోళన ఒక్కదానితో తేలదు. కానీ వాళ్ల అనుమానం గుర్తుంచుకోదగ్గదే.

అపోహ: క్విజ్‌లో వచ్చింది కాబట్టి నేను హెచ్‌ఎస్‌పీనే.

1948లో బెర్ట్రామ్ ఫోరర్ అనే సైకాలజిస్టు తన విద్యార్థులకి పరీక్ష పెట్టి, "ఇది మీ వ్యక్తిత్వ నివేదిక" అని ఒక్కొక్కరికీ ఒక కాగితం ఇచ్చారు. ఎంత సరిపోయిందో 5కి మార్కులు వెయ్యమంటే సగటున 4.26 వేశారు. అందరికీ ఇచ్చింది ఒకటే కాగితం, వాక్యాలు జ్యోతిషం పుస్తకంలోంచి తీసుకున్నవి. "పెద్ద శబ్దాలు మీకు ఇబ్బందిగా ఉంటాయా?" అంటే ఇబ్బంది ఎవరికి ఉండదు?

నేను క్విజ్ మార్కుల కంటే ఒక్క ప్రశ్నకి ఎక్కువ విలువ ఇస్తాను: ఎప్పటి నుంచి? స్వభావమైతే చిన్నప్పటి నుంచీ ఉంటుంది. కొత్త చొక్కా మెడ దగ్గర లేబుల్ కత్తిరిస్తే గానీ వేసుకోకపోవడం, పప్పులో ఇంగువ మారితే కనిపెట్టడం, దీపావళికి తలుపులేసుకోవడం, పాట విని కళ్లనీళ్లు పెట్టుకోవడం లాంటివి అమ్మకి గుర్తుంటాయి. 35 ఏళ్ల దాకా లేనిది నిరుడు మొదలైందంటే అది స్వభావం కాదు. నిద్రలేమి, థైరాయిడ్, మైగ్రేన్, కుంగుబాటు, ఏదైనా ఘోరం చూసిన తర్వాతి పీటీఎస్‌డీ, ఇవన్నీ చూసుకోవాలి. నమిలే చప్పుడు, గుటక చప్పుడు లాంటివి వింటే మాత్రమే ఒళ్లు మండిపోతే అది మిసోఫోనియా కావచ్చు. చిన్నపిల్లాడు శబ్దాలకి చెవులు మూసుకోవడంతో పాటు మాట ఆలస్యమై, పిలిస్తే పలక్కపోతే ఆటిజం పరీక్ష చేయించాలి, "వాడు సున్నితం" అని సరిపెట్టుకుని రెండేళ్లు పోగొట్టుకోకూడదు. రెండు వారాలకి పైగా దేని మీదా ఆసక్తి లేకపోయినా, చనిపోవాలన్న ఆలోచనలు వస్తున్నా దాన్ని స్వభావం ఖాతాలో రాయకండి. ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.

అపోహ: అయితే అన్నిటికీ దూరంగా ఉండటమే మందు.

పూర్తిగా తప్పుకుంటే ఆందోళన పెరుగుతుంది, ఇల్లు దాటడమే కష్టమయ్యే రోజు వస్తుంది. మోతాదు చూసుకోవాలి. పెళ్లికి వెళ్లండి, ముహూర్తానికి వెళ్లి డీజేకి ముందు బయటపడండి. హాల్లో స్పీకర్‌కి దూరంగా, గోడ వైపు కుర్చీ చూసుకోండి. మెడికల్ షాపులో దొరికే ఫోమ్ ఇయర్‌ప్లగ్స్ జేబులో ఉంచుకోండి. అలిసిన రోజు ముఖ్యమైన నిర్ణయం తీసుకోకండి, వాట్సాప్‌లో పొడుగు జవాబు అసలే రాయకండి. మేనేజర్ అప్పటికప్పుడు అందరి ముందు అభిప్రాయం అడిగితే నోరు పెగలని వాళ్లు, అజెండా ముందు రోజే మెయిల్ చెయ్యమని అడగొచ్చు. అడిగినవాళ్లలో చాలామందికి ఆ మెయిల్ వచ్చింది. అడగడానికే నెలలు పట్టింది.