ముందు దరఖాస్తు, ఆ తర్వాతే ప్రసంగం: వైద్య పరికరాల పేటెంట్లపై అపోహలు – వాస్తవాలు

రోగి పర్యవేక్షణ పరికరాలు, మందును కొలతగా శరీరంలోకి పంపే పంపులు, ఇంజెక్టర్లు రూపొందించిన వైద్యులూ ఇంజినీర్లూ పరిశోధక విద్యార్థులూ పేటెంటు దరఖాస్తు కోసం, ఆ పని చేసిపెట్టే నా దగ్గరకు వచ్చినప్పుడు, ఆ పరికరం ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి ముందే, దాని గురించి ఇప్పటివరకు ఎక్కడెక్కడ, ఎవరెవరికి చెప్పారో అడుగుతాను. చాలామంది ఉత్సాహంగా సదస్సు ప్రశంసాపత్రమో, హ్యాకథాన్ బహుమతి ఫొటోయో, పత్రికలో వచ్చిన వార్తో తీసి చూపిస్తారు. ఏళ్ల తరబడి రాత్రుళ్లు కూర్చుని చేసిన పనికి దక్కిన ఆ గుర్తింపే ఇప్పుడు వారి పేటెంటుకు అడ్డం నిలుస్తుందని చెప్పవలసి రావడం ఈ వృత్తిలో నాకు అన్నిటికంటే కష్టమైన పని. వారిలో ఎవరిదీ నిర్లక్ష్యం కాదు. ఎవరో చెప్పిన ఒక తప్పుడు మాటను నమ్మారు, అంతే.

అపోహ: బయటపెట్టిన తర్వాత కూడా దరఖాస్తు చేసుకోవడానికి ఏడాది గడువు ఉంటుంది.

వాస్తవం: భారతదేశంలో అటువంటి సాధారణ గడువు లేదు. అమెరికా చట్టంలో ఉంది. అక్కడ ఆవిష్కర్త తానే వెల్లడించిన విషయం, వెల్లడించిన ఏడాదిలోపు దరఖాస్తు చేస్తే, అతని ఆవిష్కరణ నవ్యతను, అంటే దరఖాస్తుకు ముందు ఎక్కడా బయటపడని కొత్తదనాన్ని, దెబ్బతీయదు. ఆ నియమం ఇక్కడికీ వర్తిస్తుందని ఇంటర్నెట్ వీడియోల్లో, కళాశాల సెమినార్లలో చెబుతున్నవారు మన చట్టాన్ని ఒక్కసారైనా తెరిచి చూడకపోవడం నాకు ఆగ్రహం కలిగిస్తుంది. 1970 నాటి మన పేటెంట్ల చట్టంలో 31వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు చాలా ఇరుకైనది. కేంద్ర ప్రభుత్వం గెజెట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలో పరికరాన్ని చూపినా, ఆవిష్కర్త ఒక విద్వత్ సంఘం ముందు పత్రం చదివినా, ఆయన అనుమతితో ఆ సంఘం తన కార్యకలాపాల సంపుటిలో దానిని ప్రచురించినా, 12 నెలలలోపు దరఖాస్తు చేస్తే రక్షణ దొరుకుతుంది. ప్రైవేటు సంస్థ పెట్టిన హ్యాకథాన్, కళాశాల ఉత్సవం, యూట్యూబ్ వీడియో, లింక్డ్‌ఇన్ పోస్టు, సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే ప్రీప్రింట్ వంటివి ఈ పరిధిలోకి రావు. 2024 మార్చిలో నిబంధనలను సవరించి ఈ మినహాయింపు కోరడానికి ఫారం 31ని ప్రవేశపెట్టినప్పటి నుంచి, ఇప్పుడు అందరికీ గ్రేస్ పీరియడ్ (బయటపెట్టాక దరఖాస్తుకు దొరికే గడువు) వచ్చేసిందన్న కొత్త పుకారు మొదలైంది. వచ్చింది ఫారం మాత్రమే. సెక్షన్ పరిధి అంగుళం కూడా పెరగలేదు. పైగా 31వ సెక్షన్ ఇక్కడ మిమ్మల్ని కాపాడినా ఐరోపాలో కాపాడదు. అక్కడ దరఖాస్తుకు ఒక్కరోజు ముందు మీరు చేసిన ప్రసంగమైనా సరే, సాధారణంగా మీ మీదే ప్రయర్ ఆర్ట్‌గా, అంటే ముందే బయటపడిన సమాచారంగా, నిలుస్తుంది.

నా దగ్గరకు వచ్చిన ఒక అనస్థీషియా వైద్యుని ఉదంతం చెబుతాను; ఆయనెవరో తెలియకుండా కొన్ని వివరాలు మార్చాను. సిరంజి పంపుతో గంటకు ఒక మిల్లీలీటరు వంటి తక్కువ వేగంతో మందు ఎక్కిస్తున్నప్పుడు గొట్టం మడతపడితే, లోపల పీడనం పెరిగి అలారం మోగే హద్దుకు చేరడానికి చాలాసేపు పడుతుంది. ఆ వ్యవధిలో రక్తపోటు నిలబెట్టే మందు రోగికి అందదు. మడత విప్పగానే పేరుకున్నదంతా ఒక్కసారిగా లోపలికి పోతుంది. ఈ రెండు ప్రమాదాలనూ ఐసీయూలో కళ్లారా చూసిన ఆ వైద్యుడు, మోటారు తీసుకునే కరెంటులో వచ్చే సూక్ష్మమైన మార్పుల క్రమాన్ని గమనించి, పీడనం హద్దు దాటకముందే మడతను గుర్తించే పద్ధతిని ఒక ఇంజినీరుతో కలిసి తయారుచేశారు. సదస్సులో పోస్టర్ పెట్టారు, బహుమతి వచ్చింది. చాలా నెలల తర్వాత, ఏడాది ఇంకా నిండలేదు కదా అన్న ధీమాతో నా దగ్గరకు వచ్చారు. వెతికి చూస్తే, సదస్సు సారాంశాల పుస్తకం సదస్సు కంటే కొన్ని వారాల ముందే పీడీఎఫ్‌గా వెబ్‌సైట్‌లో ఉంది. అందులో పద్ధతి మొత్తం, తరంగరూపం బొమ్మతో సహా, స్పష్టంగా అచ్చయింది. ఎవరైనా తెరిచి చూడగల వెబ్‌సైట్‌లో అలా ముందే పెట్టిన పీడీఎఫ్‌ను, సంఘం ముందు చదివిన పత్రమని వాదించి నెగ్గగలమన్న నమ్మకం నాకు లేదు.

ఆయన చేతులు వణకడం నాకిప్పటికీ గుర్తుంది. అయినా అన్నీ పోలేదని ఆయనకు చెప్పాను, ఇదే పరిస్థితిలో ఉన్నవారందరికీ ఇప్పుడూ చెబుతున్నాను. పోస్టర్ తర్వాత ఆయన చేసిన మెరుగుదల ఒకటుంది: మడత గుర్తించిన వెంటనే మోటారును తగుమాత్రం వెనక్కి తిప్పి, గొట్టంలో పేరుకున్న పీడనాన్ని ముందే దించే ఏర్పాటు. గుర్తింపుకూ వెనక్కి తిప్పే కొలతకూ ఆయన ఏర్పరచిన సంబంధం ఎక్కడా బయటపడలేదు కనుక, దాని మీద దరఖాస్తు దాఖలు చేశాం. రక్షణ దొరికే అవకాశం ఉంది, కానీ ఇరుకైన రక్షణ. తయారీకి ముందుకొచ్చిన సంస్థ మాత్రం, ప్రధానమైన ఆలోచనను ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చని తెలిశాక వెనక్కి తగ్గింది. కాబట్టి ఇప్పటికే బయటపెట్టినవారు తేదీలు, సారాంశం ప్రతి, స్లయిడ్లు వెంటనే సేకరించి, అందులో ఏముంది, ఏం లేదు అన్నది వాక్యం వాక్యంగా చూడాలి. లేనిదానిలో తరచుగా ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. అమెరికా మార్కెట్ ముఖ్యమైతే అక్కడి ఏడాది గడువు ఇంకా ఉందేమో లెక్కచూడాలి.

తెలియకుండా జరిగే వెల్లడి గురించి కూడా చెప్పాలి. క్లినికల్ పరిశోధనను మొదటి వ్యక్తిని చేర్చుకోకముందే దేశపు క్లినికల్ పరిశోధనల రిజిస్ట్రీ అయిన సీటీఆర్‌ఐలో నమోదు చేయాలి; ఆ రిజిస్ట్రీ ప్రపంచమంతటికీ తెరిచి ఉంటుంది. పరికరం పనితీరును అక్కడ ఉత్సాహంగా వివరిస్తే అది ప్రచురణే. పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథం, అటువంటి గ్రంథాల ఆన్‌లైన్ భాండాగారమైన శోధ్‌గంగలోకి ఎక్కితే అదీ ప్రచురణే. ఎథిక్స్ కమిటీకి ఇచ్చే పత్రాలు సాధారణంగా గోప్యంగానే ఉంటాయి కనుక వాటి గురించి భయపడనవసరం లేదు, కాని ప్రతి పేజీ మీద గోప్యమని రాయండి. ఒక ఆస్పత్రికి రెండు నమూనాలు అమ్మి చూద్దామనుకోవడం మరింత ప్రమాదకరం, ఎందుకంటే బహిరంగ వినియోగం కూడా నవ్యతను పోగొడుతుంది. సహేతుకమైన పరీక్ష కోసం బహిరంగంగా వాడక తప్పని సందర్భానికి 32వ సెక్షన్ ఇచ్చే మినహాయింపు అమ్మకానికి ఆసరా కాదు.

ఇంత నష్టాన్ని ఆపడానికి అయ్యే ఖర్చు ఎంత? వ్యక్తులకు, స్టార్టప్‌లకు, చిన్న సంస్థలకు, విద్యాసంస్థలకు ఆన్‌లైన్ దాఖలు రుసుము 1,600 రూపాయలు. ప్రొవిజనల్ స్పెసిఫికేషన్ (ఆవిష్కరణ తాత్కాలిక వివరణ పత్రం) దాఖలు చేస్తే, కంప్లీట్ స్పెసిఫికేషన్‌కు (పూర్తి వివరణ పత్రానికి) 12 నెలల సమయం దొరుకుతుంది. సదస్సుకు వెళ్లవద్దని, పత్రం ప్రచురించవద్దని నేను ఎవరికీ చెప్పను. సోమవారం దాఖలు చేసి మంగళవారం నిశ్చింతగా మాట్లాడమంటాను. మనం రోజూ వేలికి తగిలించే పల్స్ ఆక్సీమీటర్ చరిత్ర ఇందుకు మంచి సాక్ష్యం. జపాన్‌లోని నిహాన్ కోడెన్ సంస్థలో పనిచేసిన టకువో అవోయగి, గుండె పంపే రక్త పరిమాణాన్ని రంగుద్రవ్యంతో కొలిచే ప్రయత్నంలో నాడి కొట్టుకోవడం వల్ల వచ్చే అడ్డంకిని తొలగించబోయి, ఆ స్పందనల్లోనే ధమని రక్తంలోని ఆక్సిజన్ వివరం ఉందని గుర్తించారు. 1974 మార్చి నెలాఖరున దరఖాస్తు దాఖలైంది. ఏప్రిల్‌లో ఒసాకా సదస్సులో ఆయన పత్రం సమర్పించారు. అదే ఏప్రిల్‌లో మినోల్టా సంస్థ అదే సూత్రంపై జపాన్‌లో దరఖాస్తు చేసింది. ఒక్క నెల తేడాతో జపాన్ హక్కు నిహాన్ కోడెన్‌కు దక్కింది. అయితే ఆ సంస్థ విదేశాల్లో దరఖాస్తు చేయలేదు. అమెరికాలో పేటెంటు మినోల్టాకు వెళ్లింది.

అపోహ: ప్రొవిజనల్ అంటే ఒక పేజీ రాసి తేదీ పట్టుకోవడమే.

వాస్తవం: ఆ తేదీ వర్తించేది అందులో రాసినదానికి మాత్రమే. "మొబైల్ ఫోనుతో నియంత్రించే ఇన్సులిన్ పంపు" అని ఒక పేజీ రాసి, మరుసటి వారం సదస్సులో గ్లూకోజ్ సెన్సర్ సంకేతం తప్పిపోయినప్పుడు పంపు ఏ హద్దులో సురక్షితంగా ఆగుతుందో వివరిస్తే, అసలు విలువైన ఆ అంశానికి ప్రొవిజనల్ తేదీ రాదు. అప్పటికి సొంత ప్రసంగమే అడ్డుగా ఉంటుంది. మీ స్లయిడ్లలో ఉన్నదంతా, సర్క్యూట్ బొమ్మలు, ఫ్లో చార్టు, ప్రయోగ ఫలితాలు, పనిచేయని ప్రత్యామ్నాయాలు సహా, ప్రొవిజనల్‌లో ఉండాలి. క్లెయిములు, అంటే దేని మీద హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యాలు, ఆ దశలో తప్పనిసరి కాదు, విషయం మాత్రం సంపూర్ణంగా ఉండాలి.

అపోహ: వైద్యానికి సంబంధించినదేదీ మన దేశంలో పేటెంటు కాదు.

వాస్తవం: 3(ఐ) సెక్షన్ చికిత్స, శస్త్రచికిత్స, రోగనిర్ధారణ పద్ధతులను మినహాయిస్తుంది, పరికరాలను కాదు. గ్లూకోజ్ మార్పునుబట్టి ఇన్సులిన్ మోతాదు తగ్గించే చికిత్సా పద్ధతి అని క్లెయిము రాస్తే తిరస్కరణ ఖాయం. సెన్సర్, నియంత్రిక, పంపు, వాటి మధ్య సంకేతాల ప్రవాహం కలిసిన వ్యవస్థగా రాస్తే అది పరిశీలనకు అర్హం. నియంత్రికలో నడిచేది సాఫ్ట్‌వేర్ కనుక, కేవలం కంప్యూటర్ ప్రోగ్రామును మినహాయించే 3(కె) సెక్షన్ అభ్యంతరం కూడా వస్తుంది. యంత్రం పనితీరులో వచ్చే సాంకేతిక ప్రభావాన్ని స్పెసిఫికేషన్‌లోనే చూపాలి. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల దరఖాస్తులు చెన్నై కార్యాలయ పరిధిలోకి వస్తాయి కాబట్టి మద్రాస్ హైకోర్టు తీర్పులు మనకు ముఖ్యం. శరీరం వెలుపల, నమూనా మీద చేసే పరీక్ష కూడా రోగనిర్ధారణ పద్ధతి కావచ్చని ఆ కోర్టు 2023లో చెప్పింది. పరీక్ష కిట్లు తయారుచేసేవారు ఇది గమనించాలి.

అపోహ: మందు పాతది, పరికరం ఇప్పటికే మార్కెట్లో ఉంది, ఇక పేటెంటు ఎక్కడిది?

వాస్తవం: అడ్రినలిన్‌ను 1901లో వేరుచేశారు. దానిని తొడలోకి క్షణాల్లో పంపే ఆటో ఇంజెక్టర్‌కు షెల్డన్ కప్లాన్, ఆయన సహచరులు 1977లో అమెరికాలో పేటెంటు పొందారు. పాత మందును కొత్తగా, సురక్షితంగా అందించే యంత్రాంగం ఆవిష్కరణే. పల్స్ ఆక్సీమీటర్ పుట్టి అర్ధశతాబ్దం అయింది. అయినా అందులోని మెరుగుదలలపై మాసిమో సంస్థకున్న పేటెంట్ల వల్లే 2023 చివర అమెరికాలో కొన్ని ఆపిల్ వాచీల దిగుమతి ఆగింది.

అపోహ: పేటెంటు వస్తే పరికరం అమ్ముకోవచ్చు.

వాస్తవం: పేటెంటు ఇతరులను ఆపే హక్కు మాత్రమే. అమ్మడానికి 2017 వైద్య పరికరాల నిబంధనల కింద సాధారణంగా లైసెన్సు కావాలి. ముప్పు తక్కువగా ఉండే ఎ, బి తరగతుల పరికరాల తయారీకి రాష్ట్ర అధికారి, ముప్పు ఎక్కువగా ఉండే సి, డి తరగతులకు కేంద్రం ఇస్తాయి. పైగా మీ పరికరం మరొకరి పేటెంటు పరిధిలో పడుతుందేమో విడిగా వెతికించుకోవాలి. దరఖాస్తు సంఖ్య రాగానే డబ్బా మీద పేటెంటు పొందినది అని అచ్చు వేయించేవారున్నారు. 120వ సెక్షన్ ప్రకారం దానికి జరిమానా పది లక్షల రూపాయల వరకు ఉంటుంది.

అపోహ: ప్రపంచ పేటెంటు ఒకటి ఉంది.

వాస్తవం: లేదు. పీసీటీ అనే అంతర్జాతీయ ఒప్పందం కింద పెట్టే దరఖాస్తు సమయం కొనిపెడుతుంది, హక్కు ఇవ్వదు. తుదకు ఏ దేశానికి ఆ దేశంలోనే వెళ్లాలి, భారతదేశంలో అందుకు గడువు 31 నెలలు. ఇక్కడ నివసించేవారు ముందుగా ఇక్కడ దాఖలు చేసి ఆరు వారాలు ఆగాలి, లేదా అనుమతి తీసుకున్న తర్వాతే విదేశాల్లో దాఖలు చేయాలి. అమెరికాలో ఉన్న మిత్రునితో కలిసి పరికరం చేసి నేరుగా అక్కడ దాఖలు చేయడం 39వ సెక్షన్‌ను ఉల్లంఘించడమే అవుతుంది.

తనకు తానే సీలు వేసిన కవరు పోస్టు చేసుకుంటే ఆవిష్కరణ తేదీ రుజువవుతుందన్న మాటకు పేటెంటు చట్టంలో ఎలాంటి విలువా లేదు. ముందు దాఖలు చేసినవారిదే ప్రాధాన్యం. దరఖాస్తు రాసిపెట్టే పేటెంటు ఏజెంటుకు చెబితే ఆలోచన దొంగిలిస్తారన్న భయం నాకు అర్థమవుతుంది, అందుకే మొదటి మాటకు ముందే గోప్యతా ఒప్పందం అడగండి, అడగడానికి మొహమాటపడవద్దు. గైడ్ పేరు, విభాగాధిపతి పేరు మర్యాద కోసం ఆవిష్కర్తల జాబితాలో చేర్చవద్దు. ఆవిష్కరణలో బుద్ధి పెట్టినవారి పేరే ఉండాలి. అలాగే నిజంగా పని చేసిన జూనియర్ డాక్టర్ పేరు తీసివేయడం అన్యాయమే కాక, పేటెంటును రద్దుకు గురిచేయగల లోపం కూడా.

పేటెంటు చేతికొచ్చాక ఇక పని లేదనుకోవడం చివరి అపోహ. దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్ల వరకు రక్షణ నిలవాలంటే మూడో ఏడాది మొదలు ఏటా పునరుద్ధరణ రుసుము కట్టాలి. మంజూరు ఆలస్యమైతే, అప్పటివరకు పేరుకున్న రుసుములన్నీ పేటెంటు రిజిస్టరులో నమోదైన మూడు నెలల్లోపు చెల్లించాలి. రుసుము కట్టక పేటెంటు నిలిచిపోయినా, అది ఉద్దేశపూర్వకం కాదని చూపి 18 నెలలలోపు తిరిగి బ్రతికించుకునే దరఖాస్తు పెట్టుకోవచ్చు.